నాన్నకు చెవి మిషన్ పెట్టించడం ఎలా?

మా నాన్న చెవి సంగతి అందరికంటే ముందు కనిపెట్టింది మా పక్కింటావిడ. "రోజూ రాత్రి మీ టీవీలో వార్తలు మా వంటింట్లో కూర్చుని వింటున్నామమ్మా" అని నవ్వింది. మేమేమో అప్పటికి రెండేళ్లుగా ఆయనకు పరధ్యానం ఎక్కువైందని విసుక్కుంటున్నాం.

ఆ మాట విన్నాక మేం చేసిన మొదటి పని కూడా తప్పే. పరీక్ష లేకుండా ఒక దుకాణంలో మిషన్ కొని ఆయన చేతిలో పెట్టాం. పది రోజులు తిరక్కుండానే అది బీరువాలో పాత కళ్లజోళ్ల పక్కకు చేరింది. మళ్లీ మొదటి నుంచి సరిగ్గా చేసుకురావడానికి ఏడాది పట్టింది. అమ్మకో నాన్నకో మిషన్ కొందామనుకునేవాళ్లకు ఆ ఏడాది వృథా కాకూడదని ఈ వరుస రాస్తున్నాను.

1. ముందు ఇంట్లోనే గమనించండి

వయసుతో వచ్చే చెవుడులో మనిషికి చప్పుడు వినబడుతుంది, మాట అర్థం కాదు. "వినబడుతోంది కానీ మీరంతా నోట్లో నోట్లో మాట్లాడుకుంటున్నారు" అని పెద్దవాళ్లు అనేది అందుకే. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే సన్నటి రోమ కణాలు ఒక్కో చెవిలో సుమారు పదిహేను వేలు ఉంటాయి. పోయినవి మనుషుల్లో మళ్లీ పుట్టవు. కీచుమనే సన్నటి శబ్దాలు పట్టే కణాలు ముందు దెబ్బతింటాయి.

తెలుగులో ఇది ఎలా తెలుస్తుందో చూడండి. మన మాటల్లో అచ్చులు గట్టిగా, నిండుగా పలుకుతాయి. అవి ఎక్కువగా కింది శ్రుతి శబ్దాలు కాబట్టి వినబడుతూనే ఉంటాయి. జారిపోయేది హల్లులు, అందులోనూ స, శ, చ, త, క లాంటివి. పాలు తెమ్మంటే "కాలికేమైంది?" అంటారు. పప్పు, కప్పు, తప్పు మూడూ ఒకటే అయిపోతాయి. మా అమ్మ "ఏమండీ, తాళం ఎక్కడ పెట్టారు?" అంటే నాన్న "ఇప్పుడే కదా కాఫీ తాగాను" అనేవారు. నవ్వుకునేవాళ్లం. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అనే సామెతను కూడా ఆ తర్వాత నేను మా ఇంట్లో వాడలేదు.

చిన్న పరీక్ష ఒకటి చేయొచ్చు. ఆయన వెనక నిలబడి, పెదాలు కనబడకుండా, మామూలు గొంతుతో పప్పు, కప్పు, తప్పు, చెప్పు కలగలిపి చెప్పండి. ఏది విన్నారో తిరిగి చెప్పమనండి. ఎదురుగా ఉన్నప్పుడు సరిగ్గా చెప్పి, వెనక నుంచి తడబడితే ఇన్నాళ్లూ ఆయన మీ పెదాలు చూసి నెట్టుకొస్తున్నారన్నమాట. స్మార్ట్‌ఫోన్ వాడే పెద్దవాళ్లయితే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో తెచ్చిన హియర్‌డబ్ల్యూహెచ్ఓ అనే ఉచిత యాప్ ఉంది. హోరు మధ్యలో అంకెలు వినిపించి ఏం విన్నారో నొక్కమంటుంది. ఇవేవీ అసలు పరీక్షకు బదులు కావు, ఆసుపత్రికి బయల్దేరాలో లేదో తేల్చుకోవడానికి పనికొస్తాయి, అంతే.

2. ఆ రోజు నుంచే అరవడం ఆపండి

దీనికి పైసా ఖర్చు లేదు, ఫలితం వెంటనే కనబడుతుంది. అరిచినప్పుడు పెరిగేది ప్రధానంగా అచ్చుల బలమే. ఆయనకు అందని హల్లులు ఆ మోతలో ఇంకా మునిగిపోతాయి. దీనికి తోడు చెవి దెబ్బతిన్నవాళ్లలో ఇంకో చిక్కుంది. చిన్న శబ్దం అసలు వినబడదు, కాస్త పెంచగానే భరించలేనంత అయిపోతుంది. "ఏంటీ? కొంచెం గట్టిగా చెప్పు" అని, గట్టిగా చెబితే "ఎందుకే అలా అరుస్తావు, నాకేమన్నా చెవుడా?" అని కసిరేది మొండితనంతో కాదు. రెండూ నిజమే.

అరిచే బదులు దగ్గరికి వెళ్లండి. దూరం సగానికి తగ్గిన ప్రతిసారీ మీ మాట సుమారు 6 డెసిబెల్స్ (శబ్దం బలాన్ని కొలిచే లెక్క) పెరిగి చేరుతుంది. వంటింట్లోంచి కేక పెట్టడం కంటే నాలుగు అడుగులు వేసి ఎదురుగా నిలబడటం మేలు. ముందు "నాన్నా" అని పిలిచి, ఆయన మీవైపు తిరిగాక విషయం ఎత్తుకోండి. మిక్సీ, టీవీ ఆపేయండి. ఒకసారి అర్థం కాకపోతే అదే మాట మూడుసార్లు అనొద్దు, మాట మార్చండి: "పాలు" అందకపోతే "కాఫీకి పాలు, ప్యాకెట్" అనండి.

3. ఆగకూడని సందర్భాలు

వయసు చెవుడు మెల్లగా, రెండు చెవులకూ దాదాపు సమానంగా వస్తుంది. అలా కాకపోతే అనుమానించాలి. నిద్ర లేచేసరికో, రెండు మూడు రోజుల్లోనో ఒక చెవి ఒక్కసారిగా మూసుకుపోతే అది అత్యవసరం. స్టెరాయిడ్ చికిత్స మొదటి రెండు వారాల్లోపు, ఎంత తొందరగా మొదలైతే అంత ఉపయోగం. "జలుబు చేసి దిబ్బడ వేసింది, అదే పోతుంది" అని ఆగి చెవి పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. ఒక చెవిలోనే హోరు, చీము, తల తిరుగుడు, మూతి వంకర పోవడం ఉన్నా వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. షుగర్ ఉన్న పెద్దవాళ్లకు రాత్రిళ్లు నిద్రపట్టనంత చెవిపోటు వస్తే అది ఎముక దాకా పాకే ఇన్ఫెక్షన్ కావచ్చు. తెల్లారాక చూద్దాం, వారం చూద్దాం అనొద్దు.

4. మిషన్ షాపుకు కాదు, ముందు ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి

ఒక్కోసారి కథ ఇక్కడితోనే ముగుస్తుంది. గుబిలి గట్టిపడి చెవి బిగుసుకుంటే అది తీయగానే సగం వినికిడి తిరిగొస్తుంది. పిన్నీసు, అగ్గిపుల్ల, బడ్స్ పెట్టి ఇంట్లో తీయబోతే గుబిలి ఇంకా లోపలికి పోతుంది. కాచిన నూనె పోయడం మన ఇళ్లలో పాత అలవాటే, కానీ కర్ణభేరికి చిల్లు ఉంటే అది లేనిపోని తంటా తెస్తుంది. చిల్లు, మధ్యచెవిలో నీరు లాంటివి ఉంటే మందులతోనో ఆపరేషన్‌తోనో నయమయ్యే వీలుంది. లోపలి చెవి నరాల చెవుడైతే ఎక్కువగా మిషనే దారి.

5. ఆడియోగ్రామ్ చదవడం నేర్చుకోండి

డాక్టర్ మిమ్మల్ని ఆడియాలజిస్టు, అంటే వినికిడి పరీక్షలు చేసే నిపుణుల, దగ్గరికి పంపుతారు. చప్పుడు చొరబడని గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్ పెట్టి, కూత వినబడినప్పుడల్లా బటన్ నొక్కమంటారు. ఆ ఫలితాన్ని గీతగా గీసి ఇచ్చే కాగితమే ఆడియోగ్రామ్. దాని మీద గీత మీకూ అర్థం కావాలి, ఎందుకంటే మిషన్ అమ్మేవాళ్లు దాన్ని చూపించే మాట్లాడతారు.

అడ్డంగా ఎడమ నుంచి కుడికి శబ్దం సన్నబడుతుంది: 250 హెర్ట్జ్ దగ్గర మృదంగం ఎడమవైపు మోత, 8000 దగ్గర కీచురాయి. నిలువుగా పై నుంచి కిందికి శబ్దం పెరుగుతుంది. గీత ఎంత కిందికి దిగితే వినికిడి అంత తగ్గినట్టు. ఎర్ర సున్నాలు కుడి చెవి, నీలం గుణకారం గుర్తులు ఎడమ చెవి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 లెక్క ప్రకారం 20 డెసిబెల్స్ లోపు మామూలు వినికిడి, 35 లోపు స్వల్ప లోపం, 50 లోపు మధ్యస్థం, 65 లోపు అంతకంటే కాస్త ఎక్కువ. 65 నుంచి 80 లోపైతే తీవ్రం, ఆ పైన ఇంకా తీవ్రం. మా నాన్న గీత ఎడమవైపు 30 దగ్గర మొదలై కుడికి వచ్చేసరికి కొండ దిగినట్టు 65కి పడిపోయింది. ఆయనకు "సున్నం" అంటే "ఉన్నం" అని ఎందుకు వినబడుతుందో ఆ కాగితం చూశాకే తెలిసింది.

కూతలతో పాటు మాటలతో చేసే పరీక్ష కూడా అడగండి, అదీ తెలుగు మాటలతో. ఇంగ్లిష్ మాటలు చదివి "మీ నాన్నగారికి నలభై శాతమే అర్థమవుతోంది" అంటే అందులో చెవి వాటా ఎంతో, భాష వాటా ఎంతో ఎవరికి తెలుసు? పరీక్ష చేసే మనిషికి భారత పునరావాస మండలి రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూడండి. మా మొదటి మిషన్ అమ్మినాయన అసలు ఈ గదే చూపించలేదు.

6. ఒప్పించడం: మతిమరుపు మాట ఎత్తితే నిజం అంతా చెప్పండి

ఇదే కష్టమైన మెట్టు. "మిషన్ పెట్టకపోతే మతిమరుపు జబ్బు వస్తుందట" అని భయపెట్టేవాళ్లు ఈ మధ్య ఎక్కువయ్యారు. అందులో కొంత నిజముంది, కొంత వ్యాపారముంది.

లాన్సెట్ పత్రిక నియమించిన నిపుణుల బృందం 2024లో డిమెన్షియాకు, అంటే ఆ మతిమరుపు జబ్బుకు, కారణమయ్యే, మనం మార్చుకోగల 14 అంశాలు గుర్తించింది. వాటిలో వినికిడి లోపం ముందు వరుసలో ఉంది. అయితే మిషన్ పెడితే ఆ ముప్పు తగ్గుతుందా? దీన్నే పరీక్షించడానికి అమెరికాలో ఎచీవ్ అనే అధ్యయనం చేశారు. 70 నుంచి 84 ఏళ్ల వయసున్న 977 మందిని రెండు గుంపులుగా చేసి, ఒక గుంపుకు మిషన్లు, ఆడియాలజిస్టు సాయం ఇచ్చారు. రెండో గుంపుకు ఆరోగ్య పాఠాలు చెప్పారు. మూడేళ్లు చూశారు. 2023లో ఫలితాలు వచ్చాయి. మొత్తం మీద చూస్తే జ్ఞాపకశక్తి, ఆలోచన తగ్గే వేగంలో రెండు గుంపుల మధ్య తేడా లేదు. కానీ అప్పటికే గుండె జబ్బుల అధ్యయనంలో ఉన్న, ముప్పు ఎక్కువగా ఉన్న వాళ్లను విడిగా చూస్తే, మిషన్ వాడినవాళ్లలో ఆ తగ్గుదల 48 శాతం నెమ్మదించింది.

అంటే బీపీ, షుగర్ లాంటివి ఉన్న పెద్దవాళ్లకు ఇది ఆలోచించాల్సిన విషయం. అందరికీ హామీ మాత్రం కాదు. నేను నాన్నతో ఇదే ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన్ని కదిలించింది ఆ లెక్క కాదు. "ఫోన్‌లో మనవడు ఏం చెబుతున్నాడో తెలియక ఊ కొడుతున్నాను" అని ఆయనే ఒకరోజు అన్నారు. అలాంటి కారణం ఒకటి ఆయన నోటి నుంచే వచ్చేదాకా ఓపిక పట్టండి.

7. కొనేటప్పుడు

చెవి వెనక పెట్టుకునేవి, చెవి వెనక ఉండి సన్న తీగతో స్పీకర్ చెవిలోకి వచ్చేవి, పూర్తిగా లోపల దూరేవి అని రకాలున్నాయి. కనబడకూడదని అతి చిన్నది కొంటే వేళ్లు వణికే వయసులో బ్యాటరీ మార్చలేక అవస్థ. కొనేముందు దుకాణంలోనే ఆయన చేత్తో రెండుసార్లు పెట్టించి, తీయించి చూడండి. లోపం రెండు చెవులకూ ఉంటే వీలైనంత వరకు రెండూ కొనండి, శబ్దం ఎటు నుంచి వస్తోందో తెలిసేది అప్పుడే. ట్రయల్‌కి ఇంటికి ఇస్తారా, తర్వాత సర్దుబాట్లకు డబ్బు తీసుకుంటారా అని ముందే అడగండి. ధర కొన్ని వేల నుంచి లక్ష దాటే దాకా ఉంటుంది. నా అనుభవంలో ఖరీదు కంటే, పిలిస్తే పలికే ఆడియాలజిస్టు ముఖ్యం.

కొనే స్తోమత లేకపోతే దారులున్నాయి. కోఠిలోనూ విశాఖలోనూ ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రులు ఉన్నాయి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో వినికిడి లోపం ఉన్నవాళ్ల కోసం పనిచేసే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. వికలాంగులకు పరికరాలిచ్చే కేంద్ర ప్రభుత్వ ఎడిప్ పథకం కింద, 60 దాటిన పేద వృద్ధులకైతే 2017లో నెల్లూరులో మొదలుపెట్టిన రాష్ట్రీయ వయోశ్రీ యోజన కింద మిషన్లు ఇస్తారు.

పిల్లలు అమెరికాలో ఉన్నవాళ్లకు ఒక మాట. అక్కడ 2022 అక్టోబరు నుంచి ప్రిస్క్రిప్షన్ లేకుండా మిషన్లు అమ్ముతున్నారు. అవి స్వల్ప, మధ్యస్థ లోపానికే. ఆడియోగ్రామ్ చూడకుండా సూట్‌కేసులో తెచ్చి ఇస్తే మా బీరువా కథే మళ్లీ జరుగుతుంది.

8. మొదటి ఆరు వారాలు

ఏళ్ల తరబడి నిశ్శబ్దానికి అలవాటు పడిన మెదడుకు ఒక్కసారిగా అన్నీ వినబడతాయి. ఫ్యాను రొద, పోపు చిటపట, పేపరు తిప్పిన చప్పుడు. తన గొంతు తనకే బిందెలోంచి వచ్చినట్టుంటుంది. చాలామంది ఇక్కడే తీసి పారేస్తారు.

మొదటి వారం ఇంట్లో, ప్రశాంతంగా ఉన్నప్పుడు, రోజుకు రెండు మూడు గంటలు పెట్టించండి. ఎదురుగా ఒక్క మనిషే మాట్లాడాలి. మేం పొద్దున్నే పేపరు పైకి చదివేవాళ్లం, నాన్న అదే వార్తను కళ్లతో చూస్తూ వినేవారు. రోజూ కాస్త కాస్త సమయం పెంచండి. ఆ తర్వాత టీవీ, ఆ తర్వాత నలుగురు కూర్చున్న భోజనాలు. పెళ్లి మండపానికి మాత్రం అప్పుడే తీసుకెళ్లొద్దు, సన్నాయి మేళం దగ్గర మామూలు చెవులకే మాట అందదు.

ఒక నోటు పుస్తకంలో రాయండి: "స్టీలు గిన్నెలు తగిలితే చెవిలో గుచ్చినట్టుంది", "కోడలి మాట అర్థమవుతోంది, మనవరాలి మాట కావట్లేదు". "బాగోలేదు" అంటే ఆడియాలజిస్టు ఏమీ చేయలేరు, ఇలా చెబితే కంప్యూటర్‌కి తగిలించి ఆ శబ్దాన్నే తగ్గించగలరు. నాన్నకు నాలుగుసార్లు మార్చారు. కూతలా ఈల వస్తుంటే మిషన్ సరిగ్గా కూర్చోలేదనో, చెవిలో గుబిలి ఉందనో అర్థం.

9. రోజువారీ సంరక్షణ

మన ఇళ్లలో మిషన్‌కు పెద్ద శత్రువు కొబ్బరినూనె. తలకు రాసుకున్న నూనె జారి మైకు రంధ్రాన్ని మూసేస్తుంది. తలంటు, స్నానం, నూనె అయ్యాక, జుట్టు ఆరాకే పెట్టుకోవాలి. పొడి మెత్తటి గుడ్డతో రోజూ తుడవాలి, నీళ్లు తగలనివ్వొద్దు. రాత్రి బ్యాటరీ తలుపు తెరిచి, తేమ పీల్చే సిలికా గుళికలున్న డబ్బాలో పెట్టండి. కోస్తా ఉక్కపోతలో ఇది తప్పనిసరి.

చిన్న బ్యాటరీలు గాలి తగిలితే పనిచేసేవి. స్టిక్కర్ పీకగానే పెట్టేయకుండా ఒక నిమిషం ఆగి పెడితే సరిగ్గా పనిచేస్తాయి. స్టిక్కర్ రంగు చూసి కొనండి: గోధుమ రంగైతే 312, నారింజ రంగైతే 13. పాతవి బల్ల మీద వదిలేయొద్దు, బిళ్లల్లా మెరుస్తూ పాకే పిల్లలను లాగుతాయి. పిల్లలు మింగితే వాంతి చేయించే ప్రయత్నాలు చేయకుండా నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లండి.