మార్పు ప్రకటించాక పని కుంటుపడితే: సమస్య, కారణం, పరిష్కారం

విశాఖపట్నంలోని గాజువాక ఆటోనగర్‌లో, ఇనుప సామాను తయారుచేసే ఒక ఫ్యాబ్రికేషన్ యూనిట్‌లో నేను సిబ్బంది వ్యవహారాలు చూస్తున్న రోజుల్లో, పగటిపూట ఒకటిగా సాగే జనరల్ షిఫ్టు పనిని మూడు షిఫ్టులకు (ఎ, బి, రాత్రిపూట సి) మార్చడమూ, ఎవరు ఎంత పని చేశారో రాసే కాగితపు జాబ్ కార్డుల స్థానంలో కంప్యూటర్ నమోదును ప్రవేశపెట్టడమూ ఒకే నెలలో జరిగాయి. అప్పుడు తలెత్తిన చిక్కులన్నింటినీ మేము ‘కార్మికుల మొండితనం’ అనే ఒకే పద్దు కింద రాసుకున్నాము. తరువాత ఒక్కొక్కటిగా విప్పి చూసుకుంటే, వాటిలో చాలావాటికి మూలం మాట చేరిన వరుసలో ఉంది. ముందుగా తెలియవలసినవారికి చివర తెలిసింది. అడగవలసినవారిని ఎవరూ అడగలేదు.

సమస్య: నోటీసు బోర్డు ఒకటి చెబుతోంది, క్యాంటీన్ మరొకటి చెబుతోంది

సర్క్యులర్ అంటించిన గంటలోపే ‘సి షిఫ్టు పెట్టేది కాంట్రాక్టు మనుషులను తేవడానికట’, ‘వచ్చే నెల నుంచి ఓటీ (ఓవర్‌టైమ్) ఉండదట’ అనే మాటలు బయలుదేరుతాయి. వాటిని ఖండిస్తూ యాజమాన్యం రెండో సర్క్యులర్ వేస్తే, ‘ఏమీ లేకపోతే ఇంత తొందరగా ఎందుకు వేస్తారు’ అనే కొత్త మాట పుడుతుంది.

కారణం: కార్మికుడు తన సందేహాన్ని జనరల్ మేనేజరును అడగడు, పక్కనున్న ఫోర్‌మన్‌ను అడుగుతాడు. ఆ ఫోర్‌మన్ కూడా అదే బోర్డు ముందు నిలబడి అదే కాగితాన్ని అప్పుడే చదువుకుంటున్నట్లయితే, ‘నాకూ ఇప్పుడే తెలిసింది’ అనడం తప్ప చేయగలిగింది లేదు. ఆ ఒక్క మాటతో సర్క్యులర్ విలువా పోతుంది, ఫోర్‌మన్ పెద్దరికమూ పోతుంది.

పరిష్కారం: ప్రకటనకు కనీసం రెండు రోజుల ముందు ఫోర్‌మన్లను, షిఫ్టు ఇన్‌ఛార్జిలను, హాజరు లెక్కలు చూసే టైమాఫీసు గుమాస్తాను కూర్చోబెట్టి విషయం పూర్తిగా చెప్పాలి. గుమాస్తాను మరచిపోకూడదు, ఎందుకంటే ఓటీ లెక్క గురించి మొదట అడిగేది అతన్నే. కార్మికులు ఏమేమి అడుగుతారో ఈ కూర్చోబెట్టినవారి చేతనే రాయించి, ప్రతి ప్రశ్నకూ సమాధానం సిద్ధం చేయాలి; సమాధానం లేనివాటికి ‘ఇంకా నిర్ణయం కాలేదు, ఫలానా తేదీన చెబుతాము’ అని తేదీతో సహా రాయాలి. ఆ తేదీకి కూడా నిర్ణయం కాకపోతే, కాలేదన్న సంగతినైనా ఆ రోజున వచ్చి చెప్పాలి. అనుమానాలు ఎక్కువగా పుట్టేది చెప్పిన తేదీ మౌనంగా దాటిపోయినప్పుడే. ఆ తరువాత సర్క్యులర్ అంటించిన రోజునే, షిఫ్టు మొదట్లో పనిచోట జరిగే చిన్న సమావేశంలో (టూల్‌బాక్స్ టాక్‌లో) ఫోర్‌మన్ నోటనే విషయం చెప్పించాలి. ఒడియా, హిందీ మాట్లాడే కార్మికులు ఉన్న యూనిట్లలో తెలుగు నోటీసు కొందరికి గోడమీద కాగితమే. వారికి మాట చేరేది లేబర్ కాంట్రాక్టరు మేస్త్రీ ద్వారా కనుక, మేస్త్రీకి కూడా ఫోర్‌మన్లతో పాటే కుర్చీ వేయాలి.

సమస్య: సమావేశంలో అందరూ తలలూపారు, మరునాడు పని పాత పద్ధతిలోనే సాగింది

కారణం: నలుగురిలో, పైఅధికారి ముఖం మీద ‘కుదరదండీ’ అనడం మన దగ్గర మర్యాద కాదు. అక్కడ వినిపించే ‘సరేనండీ’కి ‘విన్నాము’ అని మాత్రమే అర్థం. దాన్ని ఒప్పుకోలుగా లెక్కవేసుకోవడం మా పొరపాటు.

పరిష్కారం: ఆరేడుగురికి మించని గుంపులుగా, వారు పనిచేసే చోటనే కూర్చుని, ‘అభ్యంతరాలు ఉన్నాయా’ అని కాకుండా ‘దీనివల్ల మీ పనిలో మొదట ఎక్కడ ఇబ్బంది వస్తుంది’ అని అడగాలి. మొదటి ప్రశ్నకు మౌనమే సమాధానం. రెండో ప్రశ్నకు వెల్డరు వెంటనే గ్యాస్ సిలిండర్ల సంగతి ఎత్తుతాడు. అమెరికాలోని వర్జీనియాలో హార్‌వుడ్ అనే పైజామాల కర్మాగారంలో కోచ్, ఫ్రెంచ్ అనే పరిశోధకులు, మార్పును చెప్పి చేయించడానికీ అడిగి చేయించడానికీ ఉన్న తేడాను పరీక్షించి, 1948లో ప్రచురించారు. పని పద్ధతి మార్చినప్పుడు, కేవలం ‘ఇలా చేయండి’ అని చెప్పించుకున్న బృందంలో మొదటి 40 రోజుల్లోనే 17 శాతం మంది మానేశారు. అందరూ కలిసి మార్పును రూపొందించుకున్న బృందాల్లో ఒక్కరూ మానలేదు. మరో సంగతి కూడా ఉంది. ఆ మొదటి బృందంలో మిగిలినవారినే కొన్ని నెలల తరువాత మరో మార్పులో భాగస్వాములను చేస్తే, వారు కూడా త్వరగానే కోలుకున్నారు. మనుషులు వారే అయినప్పుడు, మొండితనం వారి స్వభావమని ఎలా అనగలము? అయితే నిర్ణయం ముందే ఖాయమైపోయిన విషయాల మీద సలహాలు అడగడం మాత్రం అడగకపోవడం కంటే చేటు. ఏది మారదో ముందు చెప్పి, మిగిలినదాని మీదే అడగాలి.

సమస్య: కంప్యూటర్ వచ్చింది, జేబులోని నోటుపుస్తకం పోలేదు

కారణం: దీన్ని కొత్తదనమంటే భయమని తేల్చేయడం తేలిక. మా ఫిట్టర్లకు కంప్యూటర్ అంటే భయం లేదు. నమోదులో తప్పు దొర్లితే ఇన్సెంటివ్ తగ్గుతుందని భయం. చేసిన పనిని తామే రాసుకునే ఆ పుస్తకం వారి సాక్ష్యం.

పరిష్కారం: పుస్తకాలు లాక్కోకూడదు. ఒక నెలపాటు రెండు లెక్కలనూ వారానికొకసారి అందరి ఎదుట సరిచూసి, ఏది ఎక్కువైతే దాని ప్రకారమే చెల్లిస్తామని రాసి ఇవ్వాలి. మా దగ్గర మూడో వారానికి తేడా లేకుండా పోయింది, పుస్తకాలు వాటంతట అవే కనిపించడం మానేశాయి.

సమస్య: పనిమంతులే ముందుగా మానేస్తున్నారు

కారణం: తరచుగా జీతం కాదు, ఇంటికి చేరే దారి. బి షిఫ్టు రాత్రి పది గంటలకు ముగిశాక అనకాపల్లికో పెందుర్తికో వెళ్లవలసినవారి సంగతి, ఎవరు ఏ షిఫ్టుకు రావాలో చెప్పే రోస్టరు వేసినవారు ఆలోచించరు.

పరిష్కారం: రోస్టరు వేయకముందే ఎవరు ఎక్కడి నుంచి వస్తారో రాసుకోవాలి.

సమస్య: అంతా సవ్యంగా ఉందనుకుంటుండగా యూనియన్ నుంచి అభ్యంతర పత్రం వచ్చింది

కారణం: షిఫ్టుల మార్పును యాజమాన్యం ఇష్టమనుకోవడం. పారిశ్రామిక వివాదాల చట్టం, 1947లోని 9ఏ సెక్షన్, నాలుగో షెడ్యూలులోని పని గంటలు, షిఫ్టులు వంటి విషయాలను మార్చేముందు కార్మికులకు నోటీసు ఇచ్చి 21 రోజులు ఆగాలని చెప్పింది. ఆ చట్టం స్థానంలో వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్, 2020లోని 40వ సెక్షన్ కూడా ఆ గడువునే ఉంచింది.

పరిష్కారం: ఆ 21 రోజులను ఫార్మాలిటీగా గడపకుండా, పైన చెప్పిన చిన్న గుంపుల సమావేశాలన్నీ అప్పుడే పూర్తి చేయాలి.

సమస్య: మార్పు మొదలైన రోజునే సగం మంది సెలవు

కారణం మా విషయంలో క్యాలెండరు. ఆషాఢ పౌర్ణమి ముందురోజు సాయంత్రం నుంచి తెల్లవారే వరకు సింహాచలం గిరిప్రదక్షిణలో జనం దాదాపు 32 కిలోమీటర్లు నడుస్తారు. మొదటి సి షిఫ్టుకు మేము ఎంచుకున్నది ఆ రాత్రినే. హాజరు పట్టీ చూసి దాన్ని నిరసన అనుకుని, మేనేజరుగారు సంజాయిషీ నోటీసులు టైపు చేయించారు కూడా. తేదీ ఖరారు చేసేముందు టైమాఫీసు గుమాస్తాకు ఒకసారి చూపించి ఉంటే, అతను అప్పుడే నవ్వి ఉండేవాడు.