పడి లేచిన భాగస్వామితో మళ్ళీ అడవి బాటలోకి: తేలికైన మౌంటెన్ బైక్ ట్రెయిల్‌ను ఎంచుకునే పద్ధతి

మౌంటెన్ బైక్ మీద నుంచి పడిన మనిషికి ఎముక అతుక్కుని, డాక్టరు అనుమతి ఇచ్చిన తరువాత కూడా, ధైర్యం తిరిగి రావడానికి ఇంకొంత కాలం పడుతుంది. అటువంటి జీవిత భాగస్వామిని మళ్ళీ ట్రెయిల్ మీదకు తీసుకువెళ్ళాలనుకునేవారు సాధారణంగా "ఇక్కడ అన్నిటికంటే తేలికైన ట్రెయిల్ ఏది?" అని అడుగుతారు. ఆ ప్రశ్నకు అందరికీ సరిపోయే సమాధానం లేదు. ఒకరికి హాయిగా ఉండే బాట మరొకరికి గుండె దడ పుట్టించవచ్చు కనుక, ముందుగా తెలుసుకోవలసినది వారు దేనికి భయపడుతున్నారన్నది. ట్రెయిల్ సంగతి ఆ తరువాత. ఇక్కడ నేను చెప్పే ఉదాహరణలు అమెరికాలోని సియాటిల్‌కు తూర్పున ఉన్న సమామిష్, ఇసాక్వా, రెడ్మండ్ పరిసరాలవి. తెలుగు కుటుంబాలు చాలా స్థిరపడిన ఈ ఊళ్ళకు అడవి బాటలు బాగా దగ్గర, మా ఇద్దరికీ అలవాటైన బాటలూ అవే. ఎంపిక పద్ధతి మాత్రం ఏ ఊరికైనా వర్తిస్తుంది.

"భయంగా ఉందా?" అని నేరుగా అడిగితే చాలామంది లేదనే చెబుతారు. అందుకని మరోలా అడగాలి: పడబోయే క్షణంలో బైకు ఏం చేసింది, ట్రెయిల్ వీడియో చూస్తుంటే ఏ చోట దిగి నడవాలనిపిస్తోంది, వేగం ఇబ్బంది పెడుతోందా లేక చక్రం జారుతుందేమోనన్న అనుమానమా, ఒక పక్క నేల లోయలోకి దిగిపోతుంటే కాళ్ళు బిగుసుకుంటున్నాయా, వెనుక ఎవరో వస్తున్నారన్న తొందర కలవరపెడుతోందా. ఈ మాటలన్నీ ఇంట్లో తీరికగా జరగాలి. పార్కింగ్‌లో హెల్మెట్ పెట్టుకున్నాక అడిగితే, మన ఉత్సాహం పాడుచేయడం ఎందుకని వారు మొహమాటపడి ఊరుకుంటారు. మావారు తడిసిన చెట్టు వేరు మీద ముందు చక్రం జారి పడ్డారు, కాలర్ బోన్ విరిగింది. ఆయనకు వేగమంటే భయం లేదు, వేరు కనిపిస్తే మాత్రం రెండు బ్రేకులూ పట్టేస్తారు. ఆయనకు ట్రెయిల్ ఎంచడంలో మాకు దారి చూపినది ఈ ఒక్క వివరమే.

ఇక్కడి రెండు పార్కులను పక్కపక్కన పెట్టి చూస్తే ఈ తేడా స్పష్టమవుతుంది. సమామిష్‌లోని సోరింగ్ ఈగిల్ రీజినల్ పార్కు చాలా వరకు సమతలంగా ఉంటుంది. పెద్ద ఎత్తుపల్లాలు లేవు కనుక బైకు తనంతట తాను వేగం పుంజుకోదు. కానీ అక్కడి ఇరుకు బాటలకు అడ్డంగా వేర్లు అల్లుకుని ఉంటాయి. డూతీ హిల్ మౌంటెన్ బైక్ పార్కు సంగతి వేరు. కింగ్ కౌంటీకి చెందిన ఈ 120 ఎకరాల అడవిలో ఎవర్‌గ్రీన్ మౌంటెన్ బైక్ అలయన్స్ వాలంటీర్లు ప్రత్యేకంగా సైకిళ్ళ కోసమే బాటలు వేశారు. పార్కు 2010లో ప్రారంభమైంది. ఇక్కడి తేలిక బాటల్లో నేల చదునుచేసి గట్టిపరిచి ఉంటుంది, వేర్లు తక్కువ. దానికి బదులు రోలర్లనే చిన్న చిన్న మట్టి దిబ్బలు, మలుపుల దగ్గర బయటి అంచు ఎత్తుగా కట్టిన బెర్మ్‌లు ఉంటాయి. వాటి మీద బైకు పెడల్ తొక్కకపోయినా ముందుకు సాగిపోతుంది. వేగానికి భయపడేవారిని ముందు సోరింగ్ ఈగిల్‌కు, వేర్లకు భయపడేవారిని ముందు డూతీ హిల్‌కు తీసుకువెళ్ళాలని నేను ఖచ్చితంగా చెబుతాను. తేలిక బాటలు రెండు చోట్లా ఉన్నాయి, కానీ వాటిలో ఏది ఎవరికి తేలికన్నది మ్యాప్ చెప్పదు.

అలాగని మ్యాప్ మీది రంగులు పనికిరానివి కావు. ఇంటర్నేషనల్ మౌంటెన్ బైసైక్లింగ్ అసోసియేషన్ రూపొందించిన పద్ధతిలో తెల్ల వృత్తం అన్నిటికంటే సులువు, ఆ తరువాత ఆకుపచ్చ వృత్తం, నీలి చతురస్రం, నల్ల డైమండ్, జంట నల్ల డైమండ్ వస్తాయి. తెల్ల బాట కనీసం 72 అంగుళాల వెడల్పు ఉండి, సగటు వాలు 5 శాతం లోపే ఉంటుంది. ఆకుపచ్చ బాటకు 36 అంగుళాల వెడల్పు చాలు. సగటు వాలు 5 శాతం మించకూడదు గాని, అక్కడక్కడ 15 శాతం దాకా పోవచ్చు. తప్పించుకోలేని అడ్డంకులు 2 అంగుళాల ఎత్తు దాటకూడదు. నీలి బాటలో ఇదే అడ్డంకి 8 అంగుళాల దాకా ఉండవచ్చు, వెడల్పు 24 అంగుళాలకు తగ్గవచ్చు. 2 నుంచి 8 అంగుళాలన్నది చిన్న మెట్టు కాదు. ఆకుపచ్చ బాట మీద ఇప్పుడిప్పుడే కుదురుకుంటున్న మనిషిని "ఒక్క మెట్టే కదా" అని నీలి బాటకు తీసుకుపోయేవారు ఈ లెక్క ఒకసారి చూసుకోవాలి.

ఆ కొలతల్లో "తప్పించుకోలేని" అన్న మాటను గట్టిగా గమనించాలి. ఆకుపచ్చ బాటలో తప్పించుకోగలిగిన అడ్డంకులు అంతకంటే పెద్దవి కూడా ఉండవచ్చు. బాట మధ్యలో ఆరంగుళాల రాయి ఉండి, దాని పక్కన రెండడుగుల చోటుంటే నిబంధన ప్రకారం అది తేలిక బాటే. అయితే భయంతో బిగుసుకున్న మనిషి చూపు ఆ రాయి మీదే నిలిచిపోతుంది, చూపు నిలిచిన చోటికే బైకు పోతుంది. కనుక తొలి రోజుల్లో తప్పించుకోగలిగిన అడ్డంకులు కూడా తక్కువగా ఉన్న బాటనే వెతకాలి.

వాలు విషయంలో సగటును నమ్మకూడదు. ఒక మైలుకు 5,280 అడుగులు కనుక, మైలు పొడవునా 264 అడుగులు దిగే బాట సగటు వాలు 5 శాతం. కాగితం మీద అది ఆకుపచ్చ. కానీ ఆ దిగుడులో అధిక భాగం చివరి పావు మైలులోనే ఉంటే, ముందంతా సాఫీగా వచ్చిన మనిషి అలసిపోయి ఉన్నప్పుడు అసలు వాలు ఎదురవుతుంది. ట్రెయిల్‌ఫోర్క్స్ వంటి యాప్‌లో ఎత్తుపల్లాల గీతను తెరిచి, అది ఏ చోట నిటారుగా పడుతోందో, ఆ చోటు బాట మొదట్లో ఉందా, చివర్లో ఉందా చూడాలి. అదే యాప్‌లో బాట ఏ దిశలో నడపాలో, చెట్టు కూలిందనో బురదగా ఉందనో ఇతరులు ఈమధ్య ఏం రాశారో కూడా కనిపిస్తుంది.

ఇన్ని చూసిన తరువాత కూడా నేను అన్నిటికంటే ఎక్కువ విలువ ఇచ్చేది మరొక గుణానికి: ఆ బాట మీద ఏ చోటనైనా "ఇక వద్దు" అనే వీలు ఉండాలి. బైకు ఆపి పక్కకు నిలబడేందుకు చోటుండాలి, దిగి నడిస్తే వెనుక వచ్చేవారికి అడ్డు కాకూడదు, పావుగంటకొకసారి పార్కింగ్‌కు తిరిగిపోయే దారి కలవాలి. మధ్యలో తప్పుకునే దారి లేని ఐదు మైళ్ళ వలయం కంటే, ఒకే చోటికి వచ్చి కలిసే మైలు, మైలున్నర బాటలు రెండు మూడు ఉన్న పార్కు ఎంతో మేలు. డూతీ హిల్‌లో మధ్యనున్న మైదానం ఈ పని చేస్తుంది. బాటలు అక్కడి నుంచి మొదలై అక్కడికే వస్తాయి, కనుక ఒక చుట్టు కాగానే నీళ్ళు తాగి, ఇంకో చుట్టు వేయాలా, ఇంటికి పోవాలా అన్నది వారే నిర్ణయించుకోవచ్చు. సోరింగ్ ఈగిల్‌లో కూడళ్ళు చాలా ఎక్కువ. అక్కడి కూడళ్ళ అంకెలున్న మ్యాప్‌ను ఫోన్‌లో దింపుకుని వెళ్ళాలి. దారి తప్పామన్న ఆందోళన తోడైతే అప్పటిదాకా కూడిన ధైర్యం జారిపోతుంది.

చాలా కాలం బైకు ముట్టనివారికి ఈ పార్కులకంటే ముందు పాత రైలు మార్గాలు మంచివి. డువాల్ నుంచి రాటిల్‌స్నేక్ సరస్సు దాకా సుమారు 31 మైళ్ళు సాగే స్నోక్వాల్మీ వ్యాలీ ట్రెయిల్ ఒకప్పటి రైలుకట్ట. రైళ్ళు నిటారు వాలు ఎక్కలేవు కనుక కట్టంతా దాదాపు సమతలంగా ఉంటుంది, పైన సన్న కంకర పరిచి ఉంటుంది. మౌంటెన్ బైకింగ్ అనిపించుకోకపోయినా, కంకర మీద టైరు కొద్దిగా కదలడం, బ్రేకు వేస్తే బైకు ఎంత దూరంలో ఆగుతుందన్న అంచనా, చేతుల బిగువు సడలడం ఇక్కడ నేర్చుకోవచ్చు. దాని పైభాగంలో కలిసే పాలూస్ టు క్యాస్కేడ్స్ ట్రెయిల్ కూడా ఇటువంటిదే. అయితే స్నోక్వాల్మీ కనుమ దగ్గర దానిలో రెండు మైళ్ళకు పైగా పొడవైన చీకటి సొరంగం ఉంది. లైట్లు లేకుండా, ముందుగా చెప్పకుండా భాగస్వామిని అందులోకి తీసుకుపోవద్దు.

ఈ ప్రాంతంలో కాలం కూడా ట్రెయిల్ రంగును మార్చేస్తుంది. ఎండాకాలంలో పొడిగా ఉండి టైరును పట్టుకునే దేవదారు వేరు, శరదృతువు వానలు మొదలయ్యాక తోలు ఊడి, నున్నగా మెరుస్తూ, చక్రాన్ని పక్కకు తోసేస్తుంది. పైన మేపుల్ ఆకులు రాలితే వేరు ఎక్కడుందో కూడా కనపడదు. వేరు బాటకు అడ్డంగా లంబకోణంలో ఉంటే చక్రం దాని మీద నుంచి దాటిపోతుంది. ఏటవాలుగా ఉంటేనే ప్రమాదం, చక్రం దాని వెంట జారుతుంది. మావారితో మళ్ళీ వెళ్ళినప్పుడు అటువంటి ఒక వేరు దగ్గర ఆగి, ఇద్దరం బైకులు దిగి, బూటుతో దాన్ని రుద్ది చూశాము. ఏ వైపు పట్టు ఉందో, ఎక్కడ మట్టి పేరుకుని మెట్టు తగ్గిందో ఆయనే చూపించారు. ఆ రోజు ఆయన దాన్ని నడిచే దాటారు. అయినా అప్పటినుంచి వేరును చూడగానే బ్రేకు పట్టడానికి బదులు దాని కోణం చూడడం మొదలైంది. తొలి ప్రయాణాలకు జూలై నుంచి సెప్టెంబరు దాకా ఉన్న పొడి నెలలే నయం. తప్పనిసరై వానాకాలంలో వెళితే కంకర బాటలకే పరిమితం కావాలి.

వారాంతంలో ఉదయం పది దాటితే డూతీ హిల్ కిటకిటలాడుతుంది, పిల్లలు కూడా దూసుకుపోతుంటారు. వెనుక టైరు చప్పుడు వినపడితే చాలు, తడబడే మనిషి మరింత తడబడతాడు. వారం మధ్యలో సాయంత్రమో, ఆదివారం పొద్దున్నేనో వెళ్ళండి. సోరింగ్ ఈగిల్‌లో గుర్రాల మీద వచ్చేవారు, నడిచేవారు కూడా ఉంటారు, వారికి సైకిలు దారివ్వాలి. గుర్రం ఎదురైతే ఇద్దరూ దిగి నిలబడి, పలకరించి, అది దాటాకే కదలాలి.

ఎంచిన బాటను ముందు ఒక్కరే వెళ్ళి, నడక వేగంతో చూసి రావడం మంచిది. మీరు ఏళ్ళ తరబడి తొక్కుతున్న బాటలో మీ కంటికి ఆనని మెట్టు, వారి కళ్ళతో చూస్తే కనిపిస్తుంది. కష్టమైన చోట్లు రెండు మూడుంటే అవి ఎక్కడెక్కడ వస్తాయో ముందే చెప్పండి. బాట మీద వారిని ముందు పెట్టి, మీ టైరు చప్పుడు వినపడనంత ఎడంగా వెనుక రావాలన్నది నా అభిప్రాయం. ముందు మీరు వెళితే వారు మిమ్మల్ని అందుకోవాలని తమది కాని వేగంతో నడుపుతారు. దిగుతున్నంతసేపు సలహాలు అరవకూడదు. "ఇక్కడ నడుస్తాను" అని వారంటే కారణం అడగకుండా మీరూ దిగి నడవాలి. కొత్త బాటలు మూడు చూపించడం కంటే ఒకే బాటను మూడుసార్లు తొక్కించడం ఎక్కువ మేలు చేస్తుంది; రెండోసారి వారికి తరువాతి మలుపు ఏమిటో తెలుసు, మూడోసారి ఆ మలుపు కోసం ఎదురుచూస్తారు. అలసట కనిపించకముందే ఆపేయండి.

బైకు విషయంలో కొద్ది మార్పులు చాలు. దెబ్బ తిన్న హెల్మెట్‌ను తప్పక మార్చాలి. సీటును మామూలు కంటే అంగుళమో రెండంగుళాలో దించితే కాలు నేలకు ఆనుతుంది. బూటును పట్టి ఉంచే క్లిప్ పెడల్స్ ఉంటే తీసి, బల్లపరుపు పెడల్స్ బిగించండి. బ్రేక్ లీవర్ దగ్గరున్న చిన్న స్క్రూతో, ఒక్క వేలు చాచితే లీవర్ అందేలా సరిచేయండి. లీవర్ అందడానికి చేతిపట్టు సడలించవలసి వస్తే ఏ బాటా తేలికగా ఉండదు.

హైదరాబాదులో ఉన్నవారికి రంగుల బోర్డులు దొరకవు, కనుక ఈ కొలతలు తమంతట తామే చూసుకోవాలి. 2023లో ఔటర్ రింగ్ రోడ్డు వెంట ప్రారంభమైన 23 కిలోమీటర్ల సోలార్ పైకప్పు సైకిల్ ట్రాక్ రైలుకట్ట చేసే పనే చేస్తుంది. ఆ తరువాత వికారాబాద్ అనంతగిరి వైపు వెళ్ళేవారు ఎర్ర మొరం నేల వాలు మీద గోళీల్లా జారుతుందని గుర్తుంచుకుని, అనుమతి ఉన్న విశాలమైన బాటలనే, వాలు తక్కువ ఉన్న వైపు నుంచే మొదలుపెట్టాలి. బ్రిటన్‌లో ఉన్నవారు నీలానికీ నలుపుకూ మధ్య ఎరుపు మెట్టు ఒకటుందని, అమెరికా రంగులతో అవి సరిగ్గా సరిపోవని గమనించాలి.

ఆకుపచ్చ బాట మీద భాగస్వామి మాట్లాడుతూ నడపగలుగుతున్నారా, దిగుడులో మోచేతులు వంచి ఉంచగలుగుతున్నారా, చూపు ముందు చక్రం మీద కాక పదిహేను ఇరవై అడుగుల ముందుకు పోతోందా అన్నవి చూసుకుని, మూడూ కుదిరిన తరువాతే నీలి బాట ప్రస్తావన తేవాలి. మొదటి నీలి బాటగా ఆకుపచ్చ బాట నుంచే చీలి, కొద్ది దూరంలో మళ్ళీ దానితోనే కలిసేదాన్ని ఎంచండి. చీలిక దగ్గర ఆగి ఎటు పోవాలన్నది వారినే చెప్పనివ్వండి. వారు ఆకుపచ్చ వైపే తిప్పితే మీరూ అటే రండి.