మొగ దగ్గర వేటను నిలుపుకోవడం: గోదావరి తీర గ్రామ సంఘాలకు ఒక మార్గదర్శి

కాకినాడ అఖాతం నుంచి అంతర్వేది వరకు, గోదావరి పాయలు సముద్రంలో కలిసే మొగల దగ్గరున్న తీర గ్రామాల్లో మత్స్యకార సహకార సంఘమో, వన సంరక్షణ సమితో, పంచాయతీయో తమ వేటను పది కాలాలపాటు నిలుపుకోవాలని కూర్చున్నప్పుడు, మొదట వచ్చే ప్రశ్న సాధారణంగా "ఎక్కడ వేట ఆపాలి" అన్నదే. దానికి ముందు తేల్చుకోవలసినది మరొకటి ఉంది. ఏ చేప, ఏ నెలలో, ఏ వయసులో, ఏ నీటిలో ఉంటోంది అన్నది తెలియకుండా గీసిన నిషేధపు గీత వేటగాడికి పస్తును మిగులుస్తుందే తప్ప చేపకు మేలు చేయదు. సరైన నీటిని సరైన కాలంలో, అక్కడ వల వేసేవారి సమ్మతితో మూయడం ఎలాగో ఈ మార్గదర్శి వివరిస్తుంది.

ఏ నీరు ఏ చట్టం కిందిది

ముందుగా మీ గ్రామస్థులు వేటాడే నీటిపై ఏయే చట్టాలు వర్తిస్తాయో ఒక కాగితం మీద రాసుకోవాలి. కోరింగ వన్యప్రాణి అభయారణ్యం 1978లో ఏర్పడింది. దాని విస్తీర్ణం 235 చదరపు కిలోమీటర్లకు పైగా ఉంది. దాని లోపలి పాయలకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వర్తిస్తుంది కనుక అక్కడ అటవీ శాఖ అనుమతి లేకుండా సంఘం సొంతంగా ఏ ఏర్పాటూ చేయకూడదు. అయితే అదే చట్టంలోని 26ఎ సెక్షన్, ప్రాదేశిక జలాలను అభయారణ్యంలో చేర్చేటప్పుడు స్థానిక మత్స్యకారుల వృత్తి ప్రయోజనాలను కాపాడే చర్యలు తీసుకోవాలని చెబుతోంది. అధికారులతో మాట్లాడేటప్పుడు ఈ వాక్యం చేతిలో ఉండడం మంచిది; చాలా సంఘాలకు ఇది ఉందన్న సంగతే తెలియదు.

అభయారణ్యం దాటి సముద్రంలోకి వెళితే 1994 నాటి ఆంధ్రప్రదేశ్ సముద్ర చేపల వేట నియంత్రణ చట్టం వస్తుంది. తీరం నుంచి 8 కిలోమీటర్ల వరకు ఉన్న నీరు సంప్రదాయ పడవలకు ప్రత్యేకించినది. మరబోట్లు దానికి అవతలే వేటాడాలి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులపాటు మరబోట్లకూ, మోటారు బిగించిన పడవలకూ తూర్పు తీరమంతటా వేట నిషేధం ఉంటుంది. ఇక మడ అడవులు తీరప్రాంత నియంత్రణ నిబంధనల ప్రకారం అత్యంత సున్నితమైన శ్రేణిలోకి వస్తాయి. వెయ్యి చదరపు మీటర్లు మించిన మడకు చుట్టూ 50 మీటర్ల రక్షణ పట్టీ ఉండాలి. రొయ్యల చెరువు తవ్వబోయే వ్యక్తిని అడ్డుకోవడానికి గ్రామానికి ఉన్న బలమైన ఆధారం ఇదే.

పటం గీయడం

ప్రభుత్వ పటాలు ఉపయోగపడతాయి కానీ సరిపోవు. మొగ దగ్గర ఇసుక మేట ప్రతి వరదకూ కదులుతుంది, పాయ లోతు మారుతుంది, నిరుడు పడవ పోయిన దారిలో ఈ ఏడు నడిచి వెళ్లవచ్చు. కనుక ఊళ్లో అనుభవమున్న సరంగులనూ (పడవ నడిపించేవారినీ), విసురు వల వేసేవారినీ, పీతలు పట్టే ఆడవారినీ వేర్వేరుగా కూర్చోబెట్టి ఎవరి పటం వారితో గీయించాలి. అందరినీ ఒకేచోట కూర్చోబెడితే పెద్ద పడవ ఉన్నవారి మాటే పటంలోకి ఎక్కుతుంది. అమావాస్య, పౌర్ణమి పోటుల్లో నీరు మడలోకి ఎంత దూరం ఎక్కుతుంది, పాటు వేళ, అంటే నీరు వెనక్కి తీసేటప్పుడు, పిల్ల చేపలు ఏ గుంటల్లో నిలుస్తాయి, గుడ్లున్న మండపీతలు ఏ నెలలో మొగ వైపు దిగుతాయి వంటి వివరాలు మూడు పటాల్లోనూ ఒకేలా కనిపించిన చోట నమ్మవచ్చు. తేడా వచ్చిన చోటికి పడవ వేసుకుని వెళ్లి చూడాలి.

పటం పూర్తయ్యాక మూయదగిన నీరు దానంతట అదే బయటపడుతుంది. గోదావరి తీరంలో అది చాలావరకు మడల నడుమ ఉన్న ఇరుకు పాయలే అవుతుంది, ఎందుకంటే రొయ్య పిల్లలకూ, పండుగప్ప పిల్లలకూ మేతా మరుగూ దొరికేది అక్కడే. పాయను మొత్తంగా మూయనక్కర లేదు. దాని తల భాగాన్ని, అంటే పాటు వేళ కూడా నీరు నిలిచే గుంటలున్న భాగాన్ని మూసి, మొగ వైపు భాగాన్ని విసురు వలకూ గాలానికీ వదిలితే ఊరు ఒప్పుకుంటుంది. హద్దుగా కర్రలు పాతితే వరదకు పోతాయి కనుక కదలని చెట్టునో, కాంక్రీటు గుర్తునో ఎంచుకోవాలి.

పులస విషయంలో మూయవలసినది చోటు కాదు, దారి. వరద నీటి వాసనకు జూలై నుంచి సెప్టెంబరు వరకు ఇలస (నదిలోకి వచ్చాక దాన్నే పులస అంటారు) సముద్రం నుంచి నదిలోకి ఎదురెక్కుతుంది. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర దాని ప్రయాణం ఆగిపోతుంది. అంటే గుడ్లు పెట్టడానికి దానికి మిగిలినది బ్యారేజీకీ మొగకూ నడుమ ఉన్న నీరు మాత్రమే. ఆ నెలల్లో పాయ ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు వల కట్టకుండా, లోతైన దారిని ఎప్పుడూ తెరిచి ఉంచాలన్న కట్టుబాటు పెట్టుకోవాలి. సంతలో పులస ధర చూసి ఈ కట్టుబాటును నిలబెట్టడం అన్నిటికన్నా కష్టమని ఒప్పుకోక తప్పదు.

వల కన్ను

నా దృష్టిలో సగం పని ఇక్కడే ఉంది, కానీ సమావేశాల్లో దీని మీద గడిపే సమయం తక్కువ. రాష్ట్ర నిబంధనల ప్రకారం 15 మిల్లీమీటర్ల కన్నా చిన్న కన్ను (దారాల నడుమ ఖాళీ) ఉన్న వల వాడకూడదు. కొలవడానికి వలను తడిపి, ఒకే వరుసలో పక్కపక్కనున్న పది కన్నులను ముడి నుంచి ముడికి బిగువుగా లాగి పట్టుకుని, మొత్తం పొడవును స్కేలు మీద చూసి పదితో భాగించాలి. ఒక్క కన్నునే కొలిస్తే ముడి మందం, దారం సాగుడు లెక్కను తారుమారు చేస్తాయి. ట్రాల్ వల (మరబోటు నీటిలో ఈడ్చుకెళ్లే సంచి వల) అయితే చివరి సంచిని కొలవాలి, ఎందుకంటే పైన పెద్ద కన్నులుంచి సంచి లోపల సన్నటి వల తొడగడం రేవుల్లో ఉన్నదే. చెయ్యి సంచిలో పెట్టి లోపలి పొరను బయటికి తిప్పి చూడనిదే అది కంటపడదు.

కన్ను పరిమాణంతోపాటు దాని ఆకారం కూడా చూడాలి. మామూలు వజ్రపు ఆకారపు కన్ను వల నిండి బరువు పడగానే సాగి మూసుకుపోతుంది, దానితో చిన్న చేప తప్పించుకునే దారి లేకుండా పోతుంది. చదరపు కన్నును సంచికి కుట్టిస్తే బరువు పడినా తెరిచే ఉంటుంది. మరబోట్ల యజమానులు రాబడి పోతుందని భయపడతారు. ఒక పడవకు పాత సంచి, మరో పడవకు చదరపు కన్నుల సంచి కట్టించి, ఒకే రోజున ఒకే నీటిలో లాగించి, రెండు సంచులనూ రేవులో అందరి ముందూ గుమ్మరిస్తే వాదన అక్కడే తేలుతుంది. మోసుకొచ్చిన చిల్లర చేప ఎండు దాణాకు ఏ ధరకు పోతోందో వారికి ఎవరూ చెప్పనక్కర లేదు.

చీరమేను అనే సన్నటి చిట్టి చేపల సంగతి వేరు. తూర్పు గాలులు మొదలయ్యాక, దసరా దీపావళి రోజుల్లో యానాం వైపు గౌతమి నీటిలో దీన్ని చీరలతోనూ పల్చటి గుడ్డలతోనూ పట్టి కొలతల లెక్కన అమ్ముతారు. దీన్ని పూర్తిగా ఆపమనడం నా ఉద్దేశం కాదు. ఆ కొద్ది రోజుల రాబడితో ఏడాది అప్పు తీర్చుకునే కుటుంబాలున్నాయి. ఒక గ్లాసెడు చీరమేనును తెల్లని పళ్లెంలో నీళ్లు పోసి పరిచి, భూతద్దంతో చూడండి. అంతా ఒకే తీరుగా ఉంటే ఒక మాట, అందులో రొయ్య పిల్లలూ ఇతర చేప పిల్లలూ కలిసి ఉంటే మరో మాట. రెండోదే అయితే మూసిన పాయల తలల్లో మాత్రం గుడ్డ వేయకూడదని నిర్ణయించుకోవచ్చు. మండపీతలకు నియమం ఇంకా సులువైనది: కడుపు కింద గుడ్ల ముద్ద కనిపిస్తే నీటిలో వదలాలి, పెంకు మెత్తగా ఉన్న పీతను కొనేవారు కొనకూడదు.

తాబేళ్లు

ఆలివ్ రిడ్లే తాబేళ్లు ముఖ్యంగా జనవరి నుంచి మార్చి వరకు ఈ తీరపు ఇసుకలో గుడ్లు పెడతాయి. ట్రాల్ వలలో చిక్కినది గాలి కోసం పైకి రాలేక చనిపోతుంది. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ రూపొందించిన తాబేళ్ల మినహాయింపు చట్రాన్ని వలకు బిగిస్తే తాబేలు పై ద్వారం గుండా బయటపడుతుంది. ఇది తాబేలు మీద జాలికి మాత్రమే సంబంధించిన విషయం కాదు: ఈ చట్రం వాడకం లేదన్న కారణంగానే అమెరికా 2019లో మన సముద్రపు రొయ్యల దిగుమతిని నిలిపివేసింది. కదలకుండా వలలో వచ్చిన తాబేలును చచ్చిందనుకుని విసిరివేయకూడదు. కడుపు కిందికి ఉండేలా పడుకోబెట్టి, వెనుక భాగాన్ని జానెడు ఎత్తు లేపి, తడి గోనెసంచి కప్పి నీడలో ఉంచితే కొన్ని గంటల తర్వాత తేరుకోవచ్చు.

ఎండిన మడను తిరిగి పెంచడం

నర్సరీ మొక్కలు తెచ్చి నాటేసి ఫొటో తీసుకోవడం తరచూ జరిగేది, ఎక్కువగా విఫలమయ్యేదీ అదే. చెట్లు పోయిన చోట నేల కుంగి పళ్లెంలా మారుతుంది, పోటు నీరు అందులో నిలిచి ఎండకు ఇంకి ఉప్పు పేరుకుంటుంది, ఆ ఉప్పులో ఏ మొక్కా బతకదు. కాబట్టి ముందు నీటికి రాకపోకల దారి ఇవ్వాలి. ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ అటవీ శాఖతోనూ గ్రామాలతోనూ కలిసి ఈ డెల్టాలో అమలు చేసిన పద్ధతిలో, పాయకు కలిపి ఒక పెద్ద కాలువ, దానికి ఏటవాలుగా ఇరువైపులా చేప ముల్లు ఆకారంలో చిన్న కాలువలు తవ్వుతారు. ఉప్పు కడుక్కుపోయాక కాలువ గట్టు వాలులో సగం ఎత్తున తెల్లమడ, నల్లమడ మొక్కలు నాటాలి; మరీ కిందైతే మునుగుతాయి, మరీ పైనైతే పోటు అందదు. ఏటా పూడిక తీయడానికి డబ్బు ముందే పక్కన పెట్టకపోతే కాలువ కొన్నేళ్లలో పూడి మొక్కలు మళ్లీ ఎండిపోతాయి. పశువులను ఆపే కంచె గురించి వేరే చెప్పనక్కర లేదు.

లెక్క, కాపలా, తెరవడం

ఎన్ని కిలోలు పడ్డాయన్నది ఒక్కటే రాస్తే మోసపోతాం, ఎందుకంటే పడవలు పెరిగినా కిలోలు పెరుగుతాయి. రేవులో చేపల వేలం పాట జరిగే చోట చదువుకున్న ఒక యువకుడికో యువతికో నోటు పుస్తకం ఇచ్చి, పడవ ఏ పాయకు వెళ్లింది, వల ఎన్ని గంటలు నీటిలో ఉంది, ఏ రకం ఎంత పడింది అన్నవి రాయించాలి. ఒక్కో రకంలో చేతికొచ్చిన పది చేపలను, ఏరకుండా, కొలిచి పొడవు నమోదు చేయాలి. గంటకు పడిన చేప తగ్గుతూ, పొడవు కూడా తగ్గుతూ వస్తే నీరు అలసిపోయిందని అర్థం. పాట పాడే వ్యాపారి ఈ పుస్తకాన్ని చూడకుండా జాగ్రత్త పడాలి, లేకపోతే లెక్కలు వెంటనే తగ్గిపోతాయి.

కాపలాకు జీతగాళ్ల కన్నా మూసిన పాయకు పక్కనే వల వేసుకునేవారు మేలు. జరిమానా ఎంతో, అది ఎవరి ఖాతాలోకి వెళుతుందో, పొరుగూరి పడవ దొరికితే ముందు ఆ ఊరి పెద్దలకు కబురు పంపాలా లేక నేరుగా మత్స్య శాఖకు చెప్పాలా అన్నది వేట మొదలు కాకముందే తీర్మానంలో రాసి, పొరుగూళ్లకు కూడా చదివి వినిపించాలి. పడవ స్వాధీనం చేసుకునే అధికారం సంఘానికి లేదు. ఆ పని చేస్తే కేసు సంఘం మీదకే వస్తుంది.

మూసినదాన్ని ఎప్పుడు తెరుస్తారో కూడా అదే తీర్మానంలో ఉండాలి. నిషేధ కాలం ముగిసే జూన్ 14కు ముందు వారం, మూసిన పాయ పక్కన విసురు వలతో వరుసగా కొన్ని రోజులు అదే చోట, అదే పోటుకు, అన్నే విసుర్లు వేసి పడినది నోటు పుస్తకంలో రాసి, నిరుటి అదే వారపు పేజీ పక్కన పెట్టి ఊరందరికీ చూపించాలి. ఆ రెండు పేజీలను చూశాకే హద్దును ముందుకు జరపాలా, వెనక్కి తేవాలా, ఉన్నచోటే ఉంచాలా అన్నది ఓటుకు పెట్టాలి.