చిన్న ఊళ్లో గ్యాస్ ఎక్కడ చవక: కొత్తగా వచ్చినవాళ్లకి

అమెరికాలో చిన్న ఊరికి వచ్చినవాళ్లకి కారు కొనేదాకా ఒక టెన్షన్, కొన్నాక గ్యాస్ (ఇక్కడ పెట్రోలుని అలాగే అంటారు) ఖర్చు ఇంకో టెన్షన్. పాల డబ్బా కావాలన్నా కారు తియ్యాల్సిందే. అందుకే ఈ నాలుగు మాటలు మొదటి నెలలోనే తెలిస్తే మంచిది.

మన దగ్గర ఊళ్లో ఏ బంకుకి వెళ్లినా ధర దాదాపు ఒకటే. ఇక్కడ అలా కాదు, ఏ స్టేషన్ ధర ఆ స్టేషన్‌దే. హైవే ఎగ్జిట్ పక్కనే ఉన్నదానికీ, ఊళ్లోకి రెండు మైళ్లు వచ్చాక ఉన్నదానికీ గ్యాలన్ మీద 20, 30 సెంట్లు తేడా ఉండొచ్చు. గ్యాలన్ అంటే సుమారు 3.8 లీటర్లు. మొదటి వారం రోజులు ఆఫీసుకో యూనివర్సిటీకో వెళ్లే దారిలో బోర్డులు చూస్తూ వెళ్లండి. చవకగా ఉండే రెండు మూడు స్టేషన్లు మీకే తెలిసిపోతాయి.

గ్యాస్‌బడ్డీ యాప్‌లో, గూగుల్ మ్యాప్స్‌లో కూడా ధరలు కనిపిస్తాయి. అయితే గ్యాస్‌బడ్డీలో చాలా ధరలు జనం చూసి పెట్టేవే. పెద్ద నగరంలో గంటగంటకీ ఎవరో ఒకరు మారుస్తారు, చిన్న ఊళ్లో రెండు రోజుల కిందటి ధరే ఉండిపోవచ్చు. ధర పక్కన ఎప్పుడు పెట్టారో ఉంటుంది, అది చూశాకే బయల్దేరండి.

చవక కదా అని దూరం వెళ్లడం మాత్రం నేను ఒప్పుకోను. లెక్క చూడండి: 12 గ్యాలన్లు నింపితే, గ్యాలన్‌కి 10 సెంట్లు తక్కువైతే, మిగిలేది 1 డాలర్ 20 సెంట్లు. దానికోసం రానూపోనూ 10 మైళ్లు తిరిగితే, గ్యాలన్‌కి 25 మైళ్లిచ్చే కారు 0.4 గ్యాలన్ తాగేస్తుంది. గ్యాలన్ 3 డాలర్లనుకుంటే అదీ 1 డాలర్ 20 సెంట్లే! కాస్ట్‌కో, సామ్స్ క్లబ్ అనే పెద్ద దుకాణాల్లో గ్యాస్ మామూలుగా చవకే, కానీ మెంబర్‌షిప్ ఉండాలి, చిన్న ఊళ్లకి అవి దూరం కూడా. నెలకోసారి సరుకులకి వెళ్లినప్పుడు నింపుకుంటే సరి. కాస్ట్‌కోలో అదే ఇంట్లో ఉండే ఇంకొకరికి రెండో కార్డు ఉచితంగా ఇస్తారు. పంపు దగ్గర క్యాష్ తీసుకోరు, క్రెడిట్ కార్డైతే వీసాయే ఉండాలి. చవక గ్యాస్ అంటే నాసిరకం అని భయపడకండి. ఇంజిన్ శుభ్రంగా ఉంచే డిటర్జెంట్లకి ఇక్కడ టాప్ టియర్ అనే ప్రమాణం ఉంది, కాస్ట్‌కో గ్యాస్ ఆ ప్రమాణాన్ని అందుకున్నదే.

చిన్న ఊళ్లో నాకు ఎక్కువ పనికొచ్చింది సరుకుల దుకాణం పాయింట్లు. క్రోగర్‌లో ఉచిత కార్డు తీసుకుంటే మామూలుగా డాలర్‌కి ఒక పాయింటు, 100 పాయింట్లకి గ్యాలన్ మీద 10 సెంట్లు తగ్గింపు. ఈ నెల పాయింట్లు వచ్చే నెలాఖరుదాకానే పనిచేస్తాయి. రూమ్మేట్లు నలుగురూ ఒకే కార్డు నంబరు మీద సరుకులు కొంటే త్వరగా పోగవుతాయి. తగ్గింపు ఒక్కసారి నింపుకున్నదానికే కాబట్టి ట్యాంకు పావుకి దగ్గరయ్యాక వాడండి.

ఇక డబ్బు కట్టే దగ్గర జాగ్రత్త. కొన్ని స్టేషన్లు బోర్డు మీద పెద్దగా రాసేది క్యాష్ ధర. కార్డు పెడితే గ్యాలన్‌కి ఇంకో 10 సెంట్లో ఎంతో పడుతుంది. నేను వచ్చిన కొత్తలో పంపు దగ్గర డెబిట్ కార్డు పెట్టి 20 డాలర్ల గ్యాస్ పోసుకుంటే, ఖాతాలో 100 డాలర్లకి పైగా హోల్డ్ పడింది, అంటే ఆ డబ్బు వాడుకోకుండా ఆపేశారు. ఎంత నింపుతామో ముందే తెలియదు కాబట్టి అలా ఆపుతారు, అది 175 డాలర్లదాకా కూడా ఉండొచ్చు. తర్వాత వదిలేస్తారు, కానీ ఆ రెండు రోజులూ అద్దె కట్టలేక చాలా ఇబ్బంది పడ్డాను. ఖాతాలో డబ్బు తక్కువుంటే లోపలికి వెళ్లి, పంపు నంబరు చెప్పి, "20 డాలర్లకి" అని ముందే కట్టెయ్యండి. పంపు జిప్ కోడ్ (మన పిన్ కోడ్ లాంటిది) అడిగినప్పుడు ఇండియా కార్డు పనిచెయ్యకపోయినా ఇదే దారి. ఇల్లు మారాక బ్యాంకులో అడ్రస్ మార్చకపోతే పాత జిప్ కొట్టాల్సి వస్తుంది.

కారు మాన్యువల్‌లో ఆక్టేన్ (గ్యాస్ రకాన్ని చెప్పే అంకె) 87 అని ఉంటే రెగ్యులర్ చాలు, ప్రీమియం పోస్తే డబ్బు దండగ. కొలరాడో లాంటి ఎత్తైన చోట్ల 85 కనిపిస్తుంది, చవకని అది పొయ్యకండి. హ్యాండిల్ రంగు నమ్మొద్దు, డీజిల్ అని రాసుందేమో చదవండి.

రాష్ట్రం సరిహద్దు దగ్గరుంటే పన్ను తేడా బాగా తెలుస్తుంది. ఇల్లినాయ్ 2019 జూలైలో గ్యాలన్ మీద పన్ను 19 సెంట్ల నుంచి 38కి పెంచింది, అందుకే సరిహద్దులో ఉండేవాళ్లు పక్కనున్న మిస్సోరి వెళ్లినప్పుడు నింపుకుంటారు. ఒహాయో, ఇండియానా, మిషిగన్‌లలో ధర రోజుకి కాస్త కాస్త తగ్గుతూ వచ్చి ఒక్కరోజులో 30, 40 సెంట్లు ఎగురుతుంది. అది ఎగిరిన రోజున ఇంకా పెంచని స్టేషన్ ఒకటో రెండో ఉంటాయి, యాప్ చూస్తే దొరుకుతాయి.

ఇవన్నీ కుదరాలంటే ట్యాంకు పావుకన్నా కిందికి రానివ్వకండి. గ్యాస్ అయిపోతోందని కార్లో లైటు వెలిగాక ఎదురుగా ఏ స్టేషన్ ఉంటే దాని ధరే కట్టాలి, అది ఎక్కువసార్లు హైవే పక్కనున్నదే అవుతుంది.