ఉన్నట్టుండి మూతి వంకర పోతే

పుక్కిలిస్తుంటే నీళ్లు ఒక పక్కనుంచి కారిపోతాయి. నవ్వు ఒకవైపే వస్తుంది, రెండోవైపు కన్ను మూతపడదు. పక్షవాతమేమోనన్న భయం సహజం. ముందు తేల్చుకోవాల్సింది కూడా అదే.

కనుబొమలు పైకెత్తమనండి. మూతి జారినా నుదుటి మీద ముడతలు రెండువైపులా పడుతుంటే తేడా మెదడులో ఉండొచ్చు, అంటే పక్షవాతం కావచ్చు. చెయ్యీ కాలూ బలహీనపడినా, మాట తడబడినా, నడక తూలినా నుదురు ఎలా ఉన్నా సరే, అత్యవసర విభాగానికే వెళ్లాలి. నుదురుతో సహా సగం ముఖం కదలకపోతే చాలావరకు బెల్స్ పాల్సీయే, అంటే ముఖాన్ని కదిలించే నాడి వాచి ఒకవైపు ముఖం పడిపోవడం. అలాగని ఇంట్లో తీర్పు చెప్పేసుకోవద్దు, ఆ రోజే డాక్టరుకు చూపించండి.

ముఖాన్ని కదిలించే ఏడో కపాల నాడి చెవి దగ్గర ఎముకలోని ఇరుకు దారిలోంచి బయటికొస్తుంది. వాస్తే అక్కడ చోటుండదు, నాడి నలుగుతుంది. శరీరంలో అణిగి ఉన్న హెర్పిస్ వైరస్ తిరగబెట్టడమే దీనికి మూలమని ఎక్కువమంది అనుమానం. నాలుక ముందుభాగం రుచి కూడా ఈ నాడిదే, అందుకే కొందరికి తిండి చప్పగా అనిపిస్తుంది.

వాపు తగ్గించే మందు ప్రెడ్నిసొలోన్. 72 గంటల్లోపు మొదలుపెట్టాలి, అందుకే కాపడాలతో కాలం గడపొద్దంటాను. పెద్దలకు సాధారణంగా రోజుకు 50 మిల్లీగ్రాములు 10 రోజులు, లేదా 60 మిల్లీగ్రాములు 5 రోజులిచ్చి ఆపై రోజుకు 10 చొప్పున తగ్గిస్తారు. ఇది స్టెరాయిడ్, షుగర్ పెంచుతుంది. షుగర్, కడుపులో పుండు, గర్భం ఉంటే ముందే చెప్పండి. వాలాసైక్లోవిర్ లాంటి యాంటీవైరల్ (వైరస్‌ను అణిచే మందు) ఒక్కటే వాడితే లాభం లేదు. బలహీనత తీవ్రంగా ఉంటే స్టెరాయిడ్‌కు తోడుగా ఇస్తారు. చెవిలో పొక్కులు, విపరీతమైన నొప్పి ఉంటే మాత్రం అది రామ్సే హంట్ సిండ్రోమ్ (ఇదే నాడిని దెబ్బతీసే మరో వైరస్ జబ్బు) కావచ్చు. అప్పుడు యాంటీవైరల్ కూడా వెంటనే పడాలి.

అందరూ మర్చిపోయేది కన్ను. రెప్ప పడని కన్ను ఎండిపోయి నల్లగుడ్డు మీద పుండు పడుతుంది, చూపే పోవచ్చు. పగలు తరచుగా కృత్రిమ కన్నీటి చుక్కలు, రాత్రి ఆయింట్‌మెంట్ వేసి, రెప్పను పూర్తిగా దించి టేపు అంటించాలి. రెప్ప తెరుచుకుంటే టేపే కంటిని గీరుతుంది, జాగ్రత్త. కన్ను ఎర్రబడినా, నొప్పెట్టినా, మసకబారినా అదే రోజు కంటి డాక్టరు.

ఎక్కువమందికి 3 వారాల్లోపే కదలిక మొదలవుతుంది. అప్పటికీ ఏమాత్రం లేకపోతే మళ్లీ చూపించుకోవాలి. 3 నెలలకూ పూర్తిగా తగ్గకపోతే, లేదా బలహీనత వారాల తరబడి మెల్లగా పెరుగుతుంటే, స్కాన్ తీయించి వేరే కారణం వెతకాల్సిందే.