గదిలో తాడు - నాలుగో పాఠం: ఊడిన దండెం, నిలిచే ఉట్టి

గదిలో బట్టల దండెం కట్టడం నేర్పిన మూడో పాఠం తర్వాత మీరు పంపిన ఫోటోలు వరసగా పెట్టుకొని చూశాను. కావలి హాస్టలు గదిలో గోడకున్న కొక్కెం సిమెంటు పెచ్చుతో సహా ఊడి వచ్చింది, తడి బట్టలన్నీ పక్క మంచం మీద పడ్డాయి. ఒంగోలు నుంచి వచ్చిన ఫోటోలో కిటికీ ఊచ లోపలికి వంగింది. నెల్లూరు హరనాథపురం నుంచి ఒక అమ్మాయి ఇలా రాసింది: "సార్, మీరు నేర్పిన ముడి చెక్కుచెదరలేదు. కొక్కెమే వచ్చేసింది. ఈసారి ఇంకా బిగించి కట్టాలా?"

వద్దమ్మా. బిగించినందుకే అది ఊడింది.

ఈ వారం ఉట్టి అరతో మొదలుపెడదామనుకున్నాను. కానీ దండెం సంగతి తేలకుండా ముందుకు వెళ్లలేను. పోయిన పాఠంలో "దండెం బిగువుగా కట్టండి" అని రాసి వదిలేశాను, ఎంత బిగువో చెప్పలేదు. ఆ తప్పు నాదే. అందులోనూ ఇది ఈశాన్య రుతుపవనాల కాలం. నెల్లూరు వైపు ఏడాది వానలో ఎక్కువ భాగం అక్టోబరు నుంచి డిసెంబరు లోపే పడుతుంది. మేడ మీద బట్టలు ఆరవు కాబట్టి ఇరుకు గదిలో దండెం కట్టక తప్పదు.

ముందు ఒక పని చేయండి. రెండు గజాల పురికొస తీసుకొని, నిండు లీటరు నీళ్ల సీసాను దాని నడుమ కట్టండి. ఒక కొస మీరు, ఒక కొస మీ గది స్నేహితుడు పట్టుకొని, పురికొస గీత గీసినట్టు తిన్నగా అయ్యేదాకా లాగండి. తిన్నగా కాదు. మొదట సులువుగానే పైకి లేస్తుంది. చివరి రెండు అంగుళాల దగ్గర చేతులు వణుకుతాయి, పురికొస వేళ్లను కోస్తుంది, సీసా మాత్రం ఇంకా కిందికే వేలాడుతుంటుంది. అది మోసేది ఒక్క కిలో. ఇప్పుడు మీ చేతులు పడుతున్న బాధే గోడలోని కొక్కెం రాత్రంతా పడింది.

లెక్క తేలిక. దండెం పొడవులో సగాన్ని, నడుమ అది కిందికి దిగిన వంపుతో భాగించండి. వచ్చినదాన్ని బరువులో సగంతో గుణించండి. ఒక్కో కొస మీద పడే లాగుడు దాదాపు అంత. 10 అడుగుల దండెం నడుమ 10 కిలోలు వేలాడదీశారనుకుందాం. వంపు ఒక అడుగు ఉంటే ఒక్కో కొక్కెం మీద 25 కిలోలు. వంపు 6 అంగుళాలైతే 50. వంపు 3 అంగుళాలైతే 100. చూడముచ్చటగా, అంగుళం వంపుతో కట్టారా, 300 కిలోలు. బట్టలు అవే, తాడు అదే, గోడ అదే. మారింది మీ బిగింపు ఒక్కటే.

పైగా గోడ కొక్కెం కిందికి లాగే బరువును బాగానే మోస్తుంది. గోడలోంచి బయటికి లాగితే తట్టుకోలేదు. దండెం లాగేది సరిగ్గా అటువైపే. ప్లాస్టిక్ ప్లగ్గులో దిగిన స్క్రూకు అది పళ్లు పీకినట్టే.

ఇంకో చిక్కు నైలాను తాడుతో వస్తుంది. అది బరువుకు సాగుతుంది. సాగిందని పొద్దున్నే విప్పి మళ్లీ బిగిస్తున్నామని మీలో అరడజను మంది రాశారు. దయచేసి ఆ పని మానండి. తాడు సాగి వంపు తెచ్చుకొని కొక్కేన్ని కాపాడుతోంది. మీరు రోజూ ఆ వంపును తీసేస్తున్నారు. 10 అడుగుల దండేనికి, బట్టలన్నీ వేశాక, నడుమ అడుగు వంపు ఉండాలి. తలకు తగులుతుందంటే రెండు కొసలనూ ఇంకా ఎత్తులో కట్టండి, వంపును మాత్రం తగ్గించకండి. బట్టలను తాడు పొడవునా సమంగా పరిస్తే లాగుడు నేను చెప్పిన దానిలో సగమే. కానీ హ్యాంగర్లు జారి నడుమకు చేరతాయి. అందుకు దండెం కట్టకముందే అడుగుకొక చిన్న కన్ను ముడి, అంటే తాడు మడతను చిన్న వలయంలా నిలిపే ముడి, వేసుకోండి. ఒక్కో కన్నుకు ఒక్కో హ్యాంగరు.

ఫ్యాను రాడ్డుకు, ఫ్యాను కొక్కేనికి, కరెంటు పైపుకు ఏదీ కట్టకండి. దీనికి కారణం చెప్పనక్కరలేదు.

ఇక ఉట్టి. మన పాత ఇళ్లలో పెరుగు కుండ, వెన్న గిన్నె పిల్లికి అందకుండా దూలానికి వేలాడేవి. ఇంటి నుంచి తెచ్చుకున్న ఆవకాయ డబ్బాకు, మలైకాజాల పెట్టెకు హాస్టలు గదిలో ఎలుకల నుంచి అదే కాపు కావాలి. దండెం అడ్డంగా లాగుతుంది, ఉట్టి నిలువుగా వేలాడుతుంది. 10 కిలోలు పెడితే పైన పడేది 10 కిలోలే. నేల మీద జాగా లేని గదికి ఇంతకంటే నమ్మకమైన అర నాకు తెలియదు.

కాకపోతే ఉట్టిలోనూ అదే లెక్క దాగి ఉంది. అడుగు వెడల్పు గిన్నెకు మూడు తాళ్లు కట్టి, అవన్నీ కలిసే పైముడిని రెండడుగుల ఎత్తున వేస్తే, 9 కిలోల బరువుకు ఒక్కో తాడు మోసేది మూడు కిలోలకు కాస్త ఎక్కువ. ఆ పైముడిని గిన్నె అంచుకు మూడంగుళాల ఎత్తులోనే వేస్తే తాళ్లు పక్కలకు పరుచుకుంటాయి, ఒక్కోదాని మీద ఆరున్నర కిలోలు దాటుతుంది. కాబట్టి పైముడి ఎత్తు గిన్నె వెడల్పుకు కనీసం రెండింతలు ఉండాలి. మూడు తాళ్లే ఎందుకంటే, మూడింటి మీద గిన్నె తనంతట తానే కుదురుకుంటుంది. నాలుగైతే ఒకటి వదులై ఊరికే ఉంటుంది.

తాడు విషయానికి వస్తే, నాకు 8 మిల్లీమీటర్ల అల్లిన నూలు తాడు ఇష్టం. ముడి కరుచుకొని ఉంటుంది, చేతిని కోయదు. కొబ్బరి తాడు ముడిని ఇంకా బాగా పడుతుంది కానీ పీచు రాలి పక్క మీద పడుతుంది. రొయ్యల చెరువుల సామాను అమ్మే కొట్లలో దొరికే ప్లాస్టిక్ తాడు చవక, గట్టిది. అయితే నున్నగా జారుతుంది. అదే వాడతామంటే ప్రతి ముడికీ ఒక అరముడి (ఎలా వేయాలో కింద చెబుతాను) అదనంగా వేయండి, జానెడు కొస వదలండి.

పైన కట్టడానికి ఒకే ముడి నేర్పుతాను: రెండు చుట్లు, రెండు అరముడులు. మా నాన్న ఒంగోలు గిత్తను గుంజకు కట్టేటప్పుడు పలుపును ముందు రెండు చుట్లు తిప్పేవారు. గిత్త తల విదిలించి వెనక్కి లాగినా ఆయన రెండు వేళ్లతో కొస పట్టుకొని నిలబడేవారు. ముడి ఇంకా పడలేదు, అయినా గిత్త ఆగింది. బలమంతా చుట్లు గుంజను ఒరుసుకోవడంలోనే ఉంది. ముడి పని ఆ చుట్లు విడిపోకుండా చూడటమే.

మీ గదిలో గుంజ అంటే రెండంతస్తుల ఇనుప మంచం పై చట్రం, లేదా కిటికీ పైన అడ్డంగా ఉన్న గట్టి కమ్మీ. తాడు కొసను కమ్మీ మీదుగా వేసి, కింద నుంచి తెచ్చి, మళ్లీ మీదుగా తిప్పండి. కమ్మీ మీద తాడు రెండు వరుసలుగా, పక్కపక్కనే కనిపించాలి. ఇప్పుడు కొసను బరువు మోసే నిలువు తాడు చుట్టూ తిప్పి, ఏర్పడిన సందులోంచి లాగండి. అది మొదటి అరముడి. దాని కిందనే, అదే దిశలో తిప్పి, రెండోది. రెండోదాన్ని ఎదురు దిశలో తిప్పకండి. రెండు అరముడులూ ఒకే వాలులో కనిపించకపోతే విప్పి మళ్లీ వేయండి. మంచం చట్రం యాంగిల్ ఇనుముదైతే దాని అంచు తాడును కోస్తుంది. పాత సైకిల్ ట్యూబు ముక్కను చీల్చి ముందు అంచుకు తొడగండి.

పుస్తకాలకు పలక అర కావాలంటే, రెండడుగుల పొడవు, 9 అంగుళాల వెడల్పు పలకకు వడ్రంగి చేత నాలుగు మూలల్లో 10 మిల్లీమీటర్ల రంధ్రాలు వేయించండి. ఒక్కో వైపుకు ఏడడుగుల తాడు ఒకటి. దాన్ని నడిమికి మడిచి, మడత దగ్గర కన్ను వచ్చేలా ఎనిమిది ఆకారపు ముడి వేయండి. రెండు కొసలనూ రంధ్రాల్లోంచి కిందికి దించి, అడుగున మళ్లీ ఎనిమిది ముడులు. పై కమ్మీ నుంచి దిగే తాడును ఆ కన్నుకు అదే రెండు చుట్ల ముడితో కట్టండి. మట్టం సరిచేయడం అక్కడే, చేతికి అందే ఎత్తులో. ఊగకుండా వెనక మూలలను పురికొసతో మంచం కాలికి కట్టేయండి. 10 కిలోలకు మించి పెట్టకండి. ఎవరి తల పెట్టుకునే చోటు మీదా కట్టకండి.

సాధన. రెండు చుట్ల ముడిని 50 సార్లు వేయండి, చివరి 10 కళ్లు మూసుకొని. కరెంటు పోయిన రాత్రి తడుముకుంటూ వేసినా అదే వాలు రావాలి. ఆ తర్వాత పలకనూ గిన్నెనూ పక్కన పెట్టి, ఒక బకెట్టులో 15 లీటర్ల నీళ్లు పోసి, ఉట్టి తాడుకు నేల నుంచి బెత్తెడు ఎత్తున వేలాడదీయండి. లీటరు నీళ్లంటే కిలో కాబట్టి తూకం మీ చేతిలోనే ఉంది. మీరు పెట్టబోయే బరువుకు అది ఒకటిన్నర రెట్లు. ముడిలోంచి కొస బయటికి వచ్చే చోట పెన్నుతో గీత పెట్టి తెల్లవార్లూ వదిలేయండి. పొద్దున గీత అర అంగుళం జరిగినా ఆ ముడి మీద పుస్తకాలు పెట్టకూడదు.

కొక్కెం ఊడిన వాళ్లు దండేన్ని మళ్లీ కట్టి, బట్టలు వేశాక వంపును స్కేలుతో కొలవండి. ఈసారి ఫోటోతో పాటు రెండు అంకెలు పంపాలి: దండెం పొడవు ఎన్ని అడుగులు, వంపు ఎన్ని అంగుళాలు. అవి చూశాకే ఐదో పాఠం రాస్తాను. అందులో తలుపు వెనక వేలాడే సంచుల నిచ్చెన కడతాం. దానికి ఆరు గజాల నవారు కావాలి, ఇప్పుడే తెచ్చి పెట్టుకోండి.