తీర్పు నుంచి వెనక్కి: మత్తుమందుల కేసుల దర్యాప్తును చదువుకునే పద్ధతి

హైదరాబాద్‌లో గంజాయి కేసైనా డ్రగ్స్ కేసైనా జనానికి మొదట తెలిసేది పోలీసుల విలేకరుల సమావేశంలోనే. బల్ల మీద పేర్చిన పొట్లాలు, ముసుగులు వేసి వెనక నిలబెట్టిన నిందితులు, సరుకు విలువ ఇన్ని లక్షలన్న ప్రకటన మరునాటి పత్రికల్లో వస్తాయి. ఆ తర్వాత కేసు ఏమైందో ఎవరూ పట్టించుకోరు. న్యాయశాస్త్ర విద్యార్థులు, నేర వార్తలు రాయడం నేర్చుకుంటున్నవారు, ఎస్సై ఉద్యోగానికి సిద్ధమవుతున్నవారు దర్యాప్తు అంటే ఇదేననుకుంటే చదువు తొలి అడుగులోనే దారి తప్పుతుంది. దర్యాప్తు గట్టిదో కాదో తేలేది చాలా కాలం తర్వాత, నాంపల్లిలోనో ఎల్బీనగర్‌లోనో కోర్టు హాల్లో, పంచనామా రాసిన అధికారిని బోనెక్కించి డిఫెన్స్ న్యాయవాది నిమిషం నిమిషానికీ లెక్క అడిగినప్పుడు. అందుచేత ముందు తీర్పు, ఆ తర్వాత చార్జిషీటు, రిమాండ్ రిపోర్టు, ఎఫ్‌ఐఆర్, అన్నిటికన్నా చివర పత్రికా ప్రకటన చదవమని నేను చెబుతాను.

తీర్పు అర్థం కావాలంటే చట్టం పక్కన ఉండాలి. మత్తుమందులను నియంత్రించే 1985 నాటి ఎన్‌డీపీఎస్ (నార్కోటిక్ డ్రగ్స్ అండ్ సైకోట్రోపిక్ సబ్‌స్టాన్సెస్) చట్టం మూలపాఠం ఇండియా కోడ్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. మొత్తం కంఠస్థం చేయనక్కర లేదు కానీ 41 నుంచి 57 వరకు ఉన్న సెక్షన్లను రెండుసార్లు నిదానంగా చదవాలి, 2001 అక్టోబరు 19న కేంద్రం ప్రకటించిన పరిమాణాల పట్టికను దగ్గర పెట్టుకోవాలి. గంజాయి ఒక కిలో దాకా స్వల్ప పరిమాణం, 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం; హెరాయిన్‌కు ఆ హద్దులు 5 గ్రాములు, 250 గ్రాములు; కొకెయిన్‌కు 2 గ్రాములు, 100 గ్రాములు; ఎండీఎంఏ అనే సింథటిక్ మత్తుమందుకు అర గ్రాము, 10 గ్రాములు; కల్తీ కల్లు కేసుల్లో తరచూ కనిపించే ఆల్ప్రాజోలం అనే మత్తు కలిగించే మందుకు 5 గ్రాములు, 100 గ్రాములు. గంజాయి స్వల్ప పరిమాణమైతే శిక్ష ఏడాదికి మించదు, వాణిజ్య పరిమాణమైతే పదేళ్లకు తగ్గదు, పైగా 37వ సెక్షన్ కారణంగా బెయిలు దొరకడం కష్టమవుతుంది, చార్జిషీటుకు గడువు కూడా 180 రోజులకు పెరుగుతుంది. విలేకరుల సమావేశంలో ఘనంగా చెప్పే లక్షల విలువకు ఈ లెక్కలో చోటే లేదు; చట్టం చూసేది తూకాన్నే.

ఇక ఒక ఊహా కేసు తీసుకుని అడుగులు పరిశీలిద్దాం. ఆంధ్ర–ఒడిశా సరిహద్దు నుంచి గంజాయితో ఒక కారు విజయవాడ రహదారి మీదుగా వస్తోందని తెల్లవారుజామున నాలుగు గంటలకు ఒక ఇన్‌స్పెక్టర్‌కు సమాచారం అందింది. పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కేలోపు ఆయన దాన్ని ఆపాడు. ఇక్కడ మొదటి ప్రశ్న సరుకు ఎంత అన్నది కాదు, అది ఏ వాహనం అన్నది. ఆర్టీసీ బస్సయితే అది ప్రజా రవాణా వాహనం కాబట్టి 43వ సెక్షన్ సరిపోతుంది. సొంత కారయితే, అది రోడ్డు మీదే ఉన్నా బహిరంగ ప్రదేశం కిందకు రాదని, 42వ సెక్షన్ పాటించి తీరాలని సుప్రీంకోర్టు 2021లో బూటా సింగ్ కేసులో చెప్పి నిందితులను విడిచిపెట్టింది. 42వ సెక్షన్ ప్రకారం అందిన సమాచారాన్ని కాగితం మీద పెట్టాలి, 72 గంటల్లోగా పై అధికారికి ప్రతి పంపాలి. సూర్యోదయానికి ముందు వారంట్ లేకుండా సోదా చేయాల్సి వస్తే కారణాలు రాయాలి. కాబట్టి ఏ తీర్పు చదివినా సమాచారం ఎన్ని గంటలకు వచ్చింది, ఎక్కడ నమోదైంది, పై అధికారికి అది చేరినట్టు రుజువేమిటి అన్నవి ముందుగా వెతకాలి. సమయం లేనప్పుడు నమోదులో కొంత ఆలస్యమైనా దానికి సరైన వివరణ ఉంటే చాలునని, అసలు పాటించకపోవడాన్ని మాత్రం క్షమించలేమని 2009లో కర్నైల్ సింగ్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది.

రెండో మెట్టు 50వ సెక్షన్. మనిషి ఒంటి మీద సోదా చేసే ముందు, గెజిటెడ్ అధికారి లేదా మేజిస్ట్రేట్ సమక్షంలో సోదా కోరే హక్కు అతనికి ఉందని చెప్పాలి. స్త్రీని స్త్రీయే సోదా చేయాలి. సరుకు భుజాన వేలాడే సంచిలో దొరికితే ఈ సెక్షన్ వర్తించదని 2005 నుంచి సుప్రీంకోర్టు చెబుతోంది, 2023లో రంజన్ కుమార్ చఢా కేసులో మళ్లీ చెప్పింది. ఇద్దరు నిందితులకు హక్కు గురించి కలిపి చెప్పి, ఇద్దరి తరఫునా ఒక్కరి చేతే సంతకం పెట్టించిన తీరును 2014లో పరమానంద్ కేసులో తప్పుపట్టారు. ఫైలులో చిన్నగా కనిపించే ఈ కాగితం మీద కేసులు గెలిచాయి, ఓడాయి. చదివేవారు నోటీసు ఎవరి పేరున ఉంది, ఏ భాషలో ఉంది, నిందితుడికి ఆ భాష వచ్చా అని చూడాలి. తెలుగు రాని ఒడిశా కూలీకి తెలుగు నోటీసు ఇచ్చి వేలిముద్ర వేయించి ఉంటే, ఆ వేలిముద్ర ఏ మేరకు నిలుస్తుందో తీర్పు రాసినవారు ఎలా తూచారో గమనించడం మంచి అభ్యాసం.

తూకం దగ్గర ఇంకాస్త ఆగాలి. చట్టం దృష్టిలో గంజాయి అంటే మొక్క పూత, కాపు ఉన్న కొనలు. వాటితో కలిసి లేని ఆకులు, గింజలు గంజాయి కాదు. అందువల్ల 21 కిలోలు పట్టుకున్నామని పంచనామాలో ఉంటే, గోనెసంచితో సహా తూచారా, కాడలు, ఆకులు వేరు చేశారా, కాటా ఎవరిది, దాన్ని ఎవరు తెచ్చారు అన్న ప్రశ్నలన్నీ 20 కిలోల గీత చుట్టూ తిరుగుతాయి. మత్తుమందు పొడి కల్తీదైతే లెక్క వేరు. తటస్థ పదార్థంతో కలిపి మొత్తం బరువునే చూడాలని 2020లో హీరా సింగ్ కేసు నిర్ణయించింది. నమూనాల తీత కూడా మారింది. ఒకప్పుడు సోదా స్థలంలోనే నమూనాలు తీసేవారు; 2016 నాటి మోహన్‌లాల్ తీర్పు, ఆపై 2022 డిసెంబరులో అమల్లోకి వచ్చిన కొత్త నియమాల తర్వాత, 52ఎ సెక్షన్ కింద మేజిస్ట్రేట్ ఎదుటే తీయాలి. సరుకు పట్టుబడిన చోటు నుంచి స్టేషన్ మాల్‌ఖానాకు (జప్తు సరుకు భద్రపరిచే గదికి), అక్కడి నుంచి మేజిస్ట్రేట్ ముందుకు, తర్వాత రెడ్‌హిల్స్‌లోని ఫోరెన్సిక్ ల్యాబ్‌కు వెళ్లే దారిలో ప్రతి చేతి మార్పిడికీ ఒక నమోదు ఉండాలి. సీలు చెక్కుచెదరలేదని ల్యాబ్ నివేదికలో రాసి ఉండాలి.

ఇప్పుడు పెన్ను పట్టుకుని చేయాల్సిన పని. పెద్ద కాగితం మీద నిలువు గళ్లు గీసి, తీర్పులో సాక్షులు చెప్పిన ప్రతి ఘట్టానికీ సమయం, స్థలం, పత్రం, సంతకం చేసినవారు అని వరసగా నింపండి: సమాచారం, జనరల్ డైరీ, బయల్దేరడం, పంచులను (సోదాకు సాక్షులను) పిలవడం, వాహనం ఆపడం, తూకం, పంచనామా ముగింపు, ఎఫ్‌ఐఆర్ నమోదు, 57వ సెక్షన్ కింద 48 గంటల్లో పై అధికారికి నివేదిక, రిమాండ్, నమూనాలు, ల్యాబ్. గళ్లు నిండగానే ఖాళీలు వాటంతటవే బయటపడతాయి. ఉదాహరణకు పంచనామా ఉదయం ఏడింటికి ముగిసిందని, ఎఫ్‌ఐఆర్ తొమ్మిదింటికి నమోదైందని ఉంటే, పంచనామా పైభాగాన క్రైమ్ నంబరు ఎలా వచ్చిందన్నది డిఫెన్స్‌వారు ఏళ్ల తరబడి అడుగుతున్న ప్రశ్న. రోడ్డు పక్కన రాశామన్న పంచనామా కంప్యూటర్ ప్రింటయితే, ప్రింటర్ ఎక్కడిదన్నది మరో ప్రశ్న. జవాబులు ఉండవచ్చు, నంబరును తర్వాత చేర్చి ఉండవచ్చు. ఆ వివరణ సాక్ష్యంలో ఉందా లేదా అన్నదే మీరు రాసుకోవాలి. 2024 జులై 1 తర్వాతి కేసుల్లో ఇంకొక గడి కలపాలి. నేర ప్రక్రియకు కొత్తగా వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 105వ సెక్షన్ సోదా, జప్తు ప్రక్రియను ఆడియో, వీడియోలో రికార్డు చేయాలంటోంది కనుక, ఆ రికార్డింగ్ ఎప్పుడు మొదలైంది, మేజిస్ట్రేట్‌కు ఎప్పుడు చేరింది అన్నది పాత పంచ్ సాక్షి మాటకన్నా బలమైన ఆధారం కాబోతోంది.

మన దగ్గర 'కన్ఫెషన్ కమ్ సీజర్ పంచనామా' (ఒప్పుకోలు, జప్తు కలిపి రాసేది) అనే పత్రం దాదాపు ప్రతి ఫైలులోనూ కనిపిస్తుంది. పత్రికలు నిందితుడు నేరం ఒప్పుకున్నాడని రాసేది దీని ఆధారంగానే. పోలీసుల ఎదుట ఒప్పుకోలు సాక్ష్యంగా పనికిరాదు. ఆ మాట వల్ల కొత్తగా ఏదైనా వస్తువు బయటపడితే, అంతవరకే స్వీకరిస్తారు. ఎన్‌డీపీఎస్ అధికారులు 67వ సెక్షన్ కింద తీసుకునే వాంగ్మూలాలకూ ఒప్పుకోలుగా విలువ లేదని 2020 అక్టోబరులో తోఫాన్ సింగ్ కేసులో మెజారిటీ తీర్పు వచ్చింది. ఏ-1 (మొదటి నిందితుడు) చెప్పిన పేరు ఆధారంగా ఏ-4, ఏ-5లను చేర్చిన కేసుల్లో ఆ పేరు తప్ప ఇంకేముంది అని వెతకాలి: కాల్ డేటా రికార్డులు, యూపీఐ చెల్లింపులు, లాడ్జి రిజిస్టరు, టోల్‌గేటు కెమెరా, ఫోన్‌లోని చాటింగ్‌కు భారతీయ సాక్ష్య అధినియమం (కొత్త సాక్ష్య చట్టం) 63వ సెక్షన్ ప్రకారం ఇచ్చిన ధ్రువపత్రం. కుట్రను చెప్పే 29వ సెక్షన్, డబ్బు సమకూర్చడాన్ని చెప్పే 27ఎ సెక్షన్ పేర్చడం తేలిక, నిలబెట్టడం కష్టం. నా అభిప్రాయంలో మన దర్యాప్తుల్లో బలహీనమైన భాగం ఇదే: మోసుకొచ్చినవాడు దొరుకుతాడు, పంపినవాడు 'పరారీలో ఉన్నాడు' అన్న వాక్యంగా మిగులుతాడు.

ఎవరు దర్యాప్తు చేశారన్నది కూడా గుర్తించాలి, ఎందుకంటే ఒక్కో శాఖ రాతలు ఒక్కో తీరుగా ఉంటాయి. స్థానిక పోలీసులతోపాటు ఎక్సైజ్ శాఖ, కేంద్ర సంస్థలైన ఎన్‌సీబీ (నార్కోటిక్స్ కంట్రోల్ బ్యూరో), డీఆర్‌ఐ (డైరెక్టరేట్ ఆఫ్ రెవెన్యూ ఇంటెలిజెన్స్), శంషాబాద్ విమానాశ్రయంలో కస్టమ్స్ ఈ కేసులు పెడతాయి. నగర పోలీసులు 2022లో హెచ్‌న్యూ (హైదరాబాద్ నార్కోటిక్స్ ఎన్‌ఫోర్స్‌మెంట్ వింగ్) పేరుతో ప్రత్యేక విభాగం ఏర్పాటు చేశారు. 2023లో వచ్చిన రాష్ట్ర యాంటీ నార్కోటిక్స్ బ్యూరో 2025 జూన్‌లో ఈగల్ అయింది. ధూల్‌పేటలో గుడుంబా కాలం నుంచీ తిరుగుతున్న ఎక్సైజ్‌వారి ఫైలుకూ, పార్సిల్ వెంటపడే డీఆర్‌ఐ ఫైలుకూ పోలికే ఉండదు. రెండు రకాలూ చదవండి.

వ్యభిచార గృహాల కేసుల్లో పద్ధతి ఇదే, చట్టం వేరు. 1956 నాటి అనైతిక వ్యాపార (నిరోధక) చట్టాన్ని మన స్టేషన్లలో పీటా అంటారు. అందులో 13వ సెక్షన్ ప్రత్యేక పోలీసు అధికారి ఇన్‌స్పెక్టర్ హోదాకు తగ్గకూడదంటుంది. 15వ సెక్షన్ సోదాకు ఆ ప్రాంతపు గౌరవనీయులు ఇద్దరు, వారిలో కనీసం ఒక మహిళ, సాక్షులుగా ఉండాలంటుంది. చాలా కేసులు ఈ రెండు వాక్యాల దగ్గరే కూలిపోవడం తీర్పుల్లో చూస్తారు. డెకాయ్‌గా (విటుడి వేషంలో) పోలీసులు పంపిన వ్యక్తికి ఇచ్చిన నోట్ల నంబర్లు ముందే పంచనామాలో రాశారా, అవే నోట్లు తిరిగి దొరికాయా అన్నది ఇక్కడ తూకంలాంటిది. నిర్వాహకుడు, విటుడు, బాధితురాలు అన్న విభజనను పోలీసులు ఎక్కడ గీశారో, కోర్టు ఎక్కడ గీసిందో పోల్చండి. స్వచ్ఛందంగా ఈ వృత్తిలో ఉన్న వయోజన మహిళలను దాడుల్లో అరెస్టు చేయరాదని 2022 మేలో బుద్ధదేవ్ కర్మాస్కర్ కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. పేకాట కేసులు 1974 గేమింగ్ చట్టం కిందకు వస్తాయి, 2017 సవరణతో ఆన్‌లైన్ ఆటలు కూడా చేరాయి. నేర్చుకునే దృష్టితో వాటిలో అంత సరుకు లేదు.

తీర్పులు దొరకడం ఇప్పుడు సమస్య కాదు. ఈ-కోర్టుల వెబ్‌సైట్‌లో చట్టం పేరుతో వెతికే సౌకర్యం ఉంది, హైకోర్టు ఆదేశాలు దాని సొంత సైట్‌లో ఉంటాయి, సుప్రీంకోర్టు తీర్పుల్లో కొన్ని తెలుగు అనువాదంలోనూ దొరుకుతాయి. శిక్ష పడిన తీర్పులు రెండు చదివితే కొట్టేసినవి నాలుగు చదవండి. కొట్టేసిన తీర్పులోనే న్యాయమూర్తి దర్యాప్తును విప్పి చూపిస్తారు. బెయిలు ఉత్తర్వులను తీర్పులనుకోవద్దు, వాటిలో వాస్తవాలు ఇంకా తేలలేదు. ఆ తర్వాత కోర్టుకు వెళ్లి కూర్చోండి. సాధారణంగా విచారణ బహిరంగమే; ఫోన్ కట్టేసి, వెనక బెంచీలో కూర్చుని, ఒకే కేసులో దర్యాప్తు అధికారి క్రాస్ ఎగ్జామినేషన్ మొదటి నుంచి చివరిదాకా వినండి. సాక్ష్యం ముగిశాక పబ్లిక్ ప్రాసిక్యూటర్‌ను మర్యాదగా అడిగితే చెప్పేవారున్నారు. నడుస్తున్న కేసు గురించి మాత్రం అడగకూడదు.

పరిశీలన పేరుతో అడ్డాలకు వెళ్లడం, టెలిగ్రామ్ గ్రూపుల్లో చేరి ధర అడగడం, 'చూద్దామని' ఒక పొట్లం కొనడం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయవద్దు. స్వాధీనంలో ఉండటమే నేరమైన చట్టమిది. విద్యార్థి, విలేకరి అన్న మినహాయింపు అందులో లేదు, పైగా 35, 54 సెక్షన్ల కింద తెలియదని రుజువు చేసుకునే భారం మీ మీదే పడుతుంది. రాసుకునే నోట్సులో నిందితుల పేర్ల బదులు ఏ-1, ఏ-2 అనే రాయండి, పీటా కేసుల్లో బాధితుల ఊరు, వయసు కూడా వదిలేయండి. వాడకందారులు చికిత్సకు స్వచ్ఛందంగా వస్తే 64ఎ సెక్షన్ వారికి రక్షణ ఇస్తుంది కాబట్టి, వారి వివరాలు మీ నోట్సులోంచి బయటికి పోకూడదు. దర్యాప్తు సాగుతున్న కేసుపై సమాచార హక్కు కింద అడిగితే 8వ సెక్షన్ చూపి నిరాకరిస్తారు. విచారణ ముగిసిన కేసు నంబరుతో కోర్టులో సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టడమే సరైన దారి.